ఇస్సాత్ మామయ్య చెప్పని అంకె

మా ఇస్సాత్ మామయ్య తన మందలో ఎన్ని రెయిన్‌డీర్లు ఉన్నాయో ఎవరికీ చెప్పకుండానే బతికాడు. అది దాపరికం కాదు, మర్యాద. నార్వేకు ఉత్తరపు కొసన ఉన్న మా ఫిన్‌మార్క్‌లో మంద ఉన్నవాణ్ణి ఆ మాట అడగడమంటే జేబులో చెయ్యి పెట్టడమే. ఊరికి కొత్తవాళ్లెవరైనా తెలియక అడిగితే మామయ్య కొండవైపు చూసి, ఉన్నాయి ఏవో కొన్ని, అనేవాడు. మరీ పట్టుబడితే ఉన్నవాటిలో సగం చెప్పేవాడు. మాలో విన్నవాడెవడైనా దాన్ని మనసులో రెట్టింపు చేసుకుంటాడు. చెప్పినవాడికీ విన్నవాడికీ తెలిసిన సంగతే కనుక దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు.

మా అమ్మకు తమ్ముడాయన. పిల్లల్లేరు. అమ్మ పోయాక మేనకోడలినని నన్ను తనతో ఉంచుకున్నాడు. దూడల చెవుల మీద ఆయన కత్తి గుర్తు, నా కత్తి గుర్తు ఒకే మందలో తిరిగేవి. పొట్టి మనిషి, మంచు మీది వెలుగుకు సగం మూసుకుపోయిన కళ్లు. ఎవరు వచ్చినా ముందు వాళ్ల చేతులు చూసి, తరవాతే ముఖం చూసేవాడు.

ఒక శీతాకాలం ఆయనకు దాహం పట్టుకుంది. పొయ్యి మీద మంచు కరిగించడం, తాగడం, మళ్లీ కరిగించడం. ఒళ్లు తగ్గి బెల్టుకు కొత్త రంధ్రం పొడిచాడు. ముందు కాఫీని అనుమానించాడు. తరవాత దుకాణంలో కొన్న ఉప్పును. ఆ తరవాత, కొత్తగా ఆ ఉప్పు తెప్పించిన దుకాణదారును. షుగరని తేలాక కూడా ఆ దుకాణదారు మీద అనుమానం పూర్తిగా పోలేదు.

ఊళ్లో నర్సు సున్నివా. నది ఒడ్డున గడ్డి పండించే తోర్గేర్ కూతురు. మామయ్యకు ఆ తోర్గేర్ కంటే గిట్టని మనిషి మరొకడు లేడు. ప్రతి శరత్కాలం మంద కొండ దిగుతుంటే తోర్గేర్ తన పొలం గట్టు మీద దుర్భిణి పెట్టుకుని నిలబడేవాడు. కంచె తొక్కుతాయేమోనని చూస్తున్నానని అతను అనేవాడు. లెక్కపెడుతున్నాడని మామయ్య అనేవాడు.

అందుకే సున్నివా ఇంటికి వచ్చి, చిన్న మిషను ఇచ్చి, వేలు పొడిచి చూసుకోవడం నేర్పి, రోజూ పొద్దున ఎంత వచ్చిందో ఫోన్లో చెప్పమన్నప్పుడు, మామయ్య ఆమె చేతులు చూస్తూ అడిగాడు.

"ఎవరు అడగమన్నారు నిన్ను?"

"డాక్టరు, బాబాయ్. ఈ మిషను లెక్కలో ఏడు లోపుంటే మంచిది, ఇరవై దాటితే ప్రాణానికే ముప్పు. దాన్నిబట్టే మందు."

"మీ నాన్నకు చెప్తావా?"

చెప్పనని ఆమె అంది. మామయ్య నమ్మలేదు. అదే వారం పోస్టులో ఒక పెద్ద కాగితం వచ్చింది. మా సామీ తెగ వాళ్లకూ చుట్టుపక్కల నార్వే రైతులకూ షుగరు ఎందుకొస్తోందో తెలుసుకోవడానికట. తాతలు ఇంట్లో ఏ భాష మాట్లాడేవారు, మంద ఎంత, రక్తంలో చక్కెర ఎంత, అన్నీ వరసగా ఉన్నాయి. మామయ్య దాన్ని దీపానికి ఎదురుగా పట్టి చూశాడు. ఒకప్పుడు చదువుకున్న దొరలు వచ్చి, మా జాతి ఎలాంటిదో చూడాలని, పటకారులాంటి ఇనుప కొలబద్దలతో మా అమ్మమ్మ తల కొలుచుకుపోయిన సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కొలిచి ఏం చేశారో మాత్రం ఎవరికీ తెలియదు.

"ఒకే కాగితం మీద నా మందా, నా రక్తమూ అడుగుతున్నారు. రెండూ కలిపి ఏం వండుకుంటారో," అన్నాడు. ఆ కాగితంతోనే పొయ్యి రాజేశాడు.

మిషను మాత్రం పారేయలేదు. చలికి ఆగిపోకుండా చొక్కా లోపల, ఒంటికి ఆనించి తోలుసంచిలో పెట్టుకునేవాడు. పొద్దున గోడవైపు తిరిగి వేలు పొడుచుకునేవాడు. నేను ఎంత అని అడిగితే, ఉంది, అనేవాడు. ఫోన్లో సున్నివాకు ఎనిమిదనో, ఏడున్నరనో చెప్పేవాడు. చెప్పి నావైపు ఓరగా చూసేవాడు. ఎనిమిదే అయితే ఇన్ని నీళ్లెందుకు తాగుతున్నాడని నాకు అనుమానంగా ఉండేది. మూడు నెలలకోసారి చేసే రక్తపరీక్ష రోజు వస్తే మంద పక్క లోయలోకి పోయిందనో, తోడేలు జాడ కనిపించిందనో కొండెక్కేసేవాడు.

ఊరి దుకాణంలో కిటికీ పక్కన ఒక కాఫీ బల్ల ఉండేది. ఒకరోజు మేం వెళ్లేసరికి తోర్గేర్ అక్కడ కూర్చుని తీపి రొట్టె నములుతున్నాడు. అతనికీ షుగరేనని అప్పుడే తెలిసింది. అందరూ వింటుండగా, ఇవాళ నాది పదకొండు అన్నాడు, వాతావరణం చెప్పినట్టు. మామయ్య చేతిలో కప్పు ఆగిపోయింది. నలుగురిలో పంట్లాం విప్పినవాణ్ణి చూసినట్టు చూశాడు.

దారిలో స్నోస్కూటర్ ఆపి, దిగి, నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు.

"పదకొండు అన్నాడంటే ఇరవై రెండు. పాపం, వాడు ఎన్నాళ్లో ఉండడు, రిస్తెన్."

ఆ రోజు నుంచి మామయ్య ముఖం తేటపడింది. తనది ఇరవై రెండుకు దిగువనే ఉంది గదా. గడ్డి పొలం తగాదా కూడా పక్కనపెట్టి, ఎండబెట్టిన మాంసం ఒక తొడ తీసుకెళ్లి తోర్గేర్ గుమ్మానికి వేలాడదీసి వచ్చాడు. చచ్చిపోబోయేవాడి మీద కోపమెందుకన్నాడు. ఆ మాంసం చూసిన తోర్గేర్, ఈ ముసలాడు ఏ కంచె పడగొట్టాడోనని మంచులో పొలమంతా తిరిగి చూసుకున్నాడట.

వసంతానికి మంద సముద్రపు ఒడ్డుకు వెళ్లాలి. మామయ్య పుట్టినప్పటి నుంచి తప్పని ప్రయాణం అది. దానికి ముందు కొండ మీద డేరాలో ఉన్నాం. భోజనాలై పొయ్యి చుట్టూ కాళ్లు చాపుకుని కూర్చున్నాం. కమురు వాసన వచ్చింది.

"ఎవరిదో బూటు కాలుతోంది, చూసుకోండి," అన్నాడు మామయ్య. కుక్కను కూడా పక్కకు నెట్టాడు.

కాలుతున్నది ఆయనదే. బూటు తోలు, వెచ్చదనానికి లోపల కూరిన ఎండుగడ్డి, దాని లోపల పాదం. నేను లాగేసేదాకా ఆయనకు తెలియలేదు. వేరే ఎవరి గుర్తో ఉన్న జంతువు తన మందలోకి వచ్చినట్టు ఆ పాదాన్ని చాలాసేపు చూశాడు.

పుండు మానలేదు. వాసన మొదలైంది. కొండ కింద మంచు మెత్తబడి స్నోస్కూటర్ ఊరిదాకా పోదు. కారున్న దగ్గరి ఇల్లు తోర్గేర్‌దే. మామయ్య ఎక్కనన్నాడు. తోర్గేర్ వచ్చి కారు తలుపు తీసి పట్టుకుని, ఎక్కేదాకా అలాగే నిలబడ్డాడు.

వైద్యకేంద్రంలో సున్నివా కట్టు విప్పి చూసింది.

"ఎనిమిది ఉన్నవాళ్ల పుండు ఇలా ఉండదు బాబాయ్."

"నా మాట నమ్మవా?"

"నమ్ముతాను. పుండును ఇంకాస్త ఎక్కువ నమ్ముతాను."

చక్కెర అసలు ఎంతుందో తెలిస్తేనే సూది మందు ఎంతో తేలుతుంది, అది మొదలుపెట్టకపోతే పాదం తియ్యాల్సి వస్తుంది అని డాక్టరు చెప్పాడు. శీతాకాలమంతటి అంకెలూ మిషనులో ఉంటాయి, చూడాలి, ఇవ్వమన్నాడు. మామయ్య సంచి మీద చెయ్యి వేసుకున్నాడు. వేలు ఇవ్వమంటే రెండు చేతులూ గుప్పిళ్లు బిగించాడు. ఆ పాదం లేకపోతే మంద వెనక నడిచేది ఎవరని నేను అడిగాను. నువ్వు కూడా వాళ్లవైపేనా అన్నట్టు చూశాడు.

గుమ్మంలో నిలబడి ఉన్న తోర్గేర్‌కు ఓపిక పోయింది.

"ఏమయ్యా ఇస్సాత్, నాకు పదకొండుంటేనే ఈ డాక్టరు నన్ను తిట్టిపోశాడు. నీకెంతుందో చెప్పి చావరాదూ?"

మామయ్య తల తిప్పాడు. "నీకు నిజంగా పదకొండేనా?"

"మరెంత?"

"ఇరవై రెండు కాదూ?"

"ఇరవై రెండుంటే నీ ముందు ఇలా నిలబడి ఉండేవాణ్ణా? ఆ లెక్క నీకెవరు చెప్పారు?"

అని, కోటు జేబులోంచి తన మిషను తీసి మామయ్య ఒళ్లో పడేశాడు. మామయ్య మీట నొక్కుతూ పాత అంకెలన్నీ ఒక్కొక్కటిగా చూశాడు. పది. పదకొండు. తొమ్మిది. ఎక్కడా ఇరవై దరిదాపుల్లో లేదు. ఎక్కడైనా మోసం ఉందేమోనని వెనక్కి తిప్పి కూడా చూశాడు. ఆ మనిషి శీతాకాలమంతా ఊరందరికీ నిజమే చెప్పాడు. అంటే చావుకు దగ్గరైంది ఎవరో మామయ్యకు అప్పుడు అర్థమైంది.

"ఇంత బట్టబయలుగా ఎలా తిరుగుతావయ్యా," అన్నాడు నెమ్మదిగా, మిషను తిరిగి ఇస్తూ.

తరవాత నన్ను తప్ప అందర్నీ బయటికి వెళ్లమన్నాడు. డాక్టర్ని కూడా. తలుపు నాచేతే వేయించి, అవతల ఎవరి అడుగులూ వినిపించకుండా పోయేదాకా ఆగాడు. అప్పుడు నా చెవిలో అసలు అంకె చెప్పాడు. ఫోన్లో చెప్పినదానికి రెట్టింపు.

"సగమే చెప్పాను. మర్యాదకు," అన్నాడు.

ఎలాగూ నోరు విప్పాను గనక అని, మందలో ఎన్ని ఉన్నాయో కూడా చెప్పాడు. అది మాలో ఒక్క వారసుడికే చెప్పే మాట.

"మొదటిది వాళ్లకు చెప్పు. రెండోది నీకు. తారుమారు చేసేవు, జాగ్రత్త."

రెండు కాలివేళ్లు పోయాయి. పాదం నిలిచింది. ఆ వసంతం నడవలేదు. మంచు మీద జారే బండిలో తోళ్ల మధ్య కూర్చుని, సూది మందు గడ్డకట్టకుండా మిషనుతోపాటు చొక్కా లోపల పెట్టుకుని, మంద వెనకే సముద్రం దాకా వచ్చాడు. దారి పొడుగునా కొండల మీద ఎవరైనా దుర్భిణితో లెక్కపెడుతున్నారేమోనని చూస్తూనే ఉన్నాడు. తరవాతి ఏళ్లలో సున్నివాకు నిజమే చెప్పాడు. కానీ గదిలో ఎవరూ లేనప్పుడే, గొంతు తగ్గించి. కాఫీ బల్ల దగ్గర తోర్గేర్ అడిగితే మాత్రం మళ్లీ సగమే.

మొన్న శీతాకాలం గుండె ఆగి పోయాడు. పూడ్చి వచ్చాక కాఫీలు ఇస్తుంటే తోర్గేర్ చక్కెర లేని కప్పు పట్టుకుని నా పక్కకు వచ్చాడు.

"మీ మామయ్య అందరికీ సగమే చెప్పేవాడా అమ్మాయ్, నాకొక్కడికేనా?"

"మీకు మాత్రం నిజానికి కాస్త దగ్గరగానే చెప్పేవాడు," అన్నాను.

అతను నా ముఖం చూశాడు, ఆ తరవాత నా చేతులు చూశాడు. నమ్మలేదు. కాసేపు కాఫీ ఊదుకుంటూ నిలబడి, మంద ఇప్పుడు నీదేగదా, ఎన్ని ఉంటాయేమిటి అన్నాడు.

నేను కిటికీలోంచి కొండవైపు చూశాను. ఉన్నాయి, ఏవో కొన్ని, అన్నాను.