నీళ్లు మోసిన బరువు

అక్కకు పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయాక, ఆసుపత్రి నుంచి తెచ్చిన మూడో రోజున నేనొక మాట ఇచ్చాను. నిన్ను ఏ హోమ్‌కూ పంపను, ఈ ఇంట్లోనే చూసుకుంటాను అని. ఆమె అడగలేదు. నేనే మంచం పక్కన మోకరించి, ఆమె కుడిచేయి పట్టుకుని, దేవుని ఎదుట చెప్పాను. మేమిద్దరం పెళ్లిళ్లు చేసుకోలేదు. సీతాఫల్‌మండిలో రెండు గదుల వాటాలో ముప్పై ఏళ్లుగా కలిసే ఉన్నాం. అప్పటికి నాకు యాభై ఐదు, ఆమెకు అరవై మూడు. ఆమె నాకంటే పొడవు, ఒళ్లు కూడా ఎక్కువే.

అక్క కోసం ఒక ఫిజియో వారానికి మూడుసార్లు ఇంటికి వచ్చేవాడు. మంచం మీది నుంచి మనిషిని చక్రాల కుర్చీలోకి ఎలా మార్చాలో నాకు నేర్పాడు. మోకాళ్లు వంచాలి, నడుము వంచకూడదు. మనిషిని ఛాతీకి ఆనించుకుని కాళ్ల బలంతో పైకి లేవాలి. తను ఒక పక్క పట్టుకుని రెండుసార్లు నా చేత చేయించాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు.

"మేడమ్, మీరు ఎక్సర్‌సైజ్ ఏం చేస్తరు?"

"స్విమ్మింగ్. వారానికి ఐదు రోజులు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ముప్పై లెంత్‌లు."

"మంచిదే. గుండెకు, దమ్ముకు, కీళ్లకు మస్తు మంచిది. ఇంకేం చేస్తరు?"

"ఇంకేం లేదు. అది చాలు."

"చాలదు మేడమ్. నీళ్లల్ల మీ బరువు నీళ్లే మోస్తయి. ఎముకలకు, తొడలకు బరువంటే ఏందో తెల్వాలె గదా. మీ వయసుల ఆడోళ్లకు ఇంకా జరూరు. గల్లీ చివర్ల జిమ్ ఉన్నది, పొద్దుగాల లేడీస్ టైమ్ సుత ఉన్నది. వారానికి రెండు దినాలు పోండ్రి. ఇప్పుడు షురూ చేస్తే మూడు నెలల్ల మీకే తెలుస్తది."

మంచం మీది నుంచి అక్క నవ్వింది. నవ్వితే నోరు ఒక పక్కకే వంగేది కానీ మాటలో పదును తగ్గలేదు. "అది చేప సార్. దానికి కాళ్లెందుకు?"

నేను సరేనని తలూపాను. వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో చెప్పాలంటే నా సాక్ష్యం గురించి చెప్పాలి.

అంతకు నాలుగేళ్ల ముందు నా మోకాళ్లు బాగా దెబ్బతిన్నాయి. మా చర్చి ఆరాధనలో అందరితో పాటు చాప మీద కూర్చోలేక, ముసలివాళ్ల కోసం వేసిన వెనక కుర్చీల్లోకి మారాను. డాక్టరు ఈత కొట్టమన్నాడు. యాభై ఒకటో ఏట, తిరుమలగిరి వైపు ఒక కొలనులో, ఆడవాళ్ల బ్యాచ్‌లో, చిన్న పిల్లల తల్లుల మధ్య గట్టు పట్టుకుని కాళ్లాడించడం నేర్చుకున్నాను. ఏడాది తిరిగేసరికి మళ్లీ చాప మీద కూర్చున్నాను. ఆ ఆదివారమే, దేవుడు చేసిన మేలు అందరి ముందు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడ్డాను. "ఒకరు జిమ్‌కు పొమ్మన్నారు, ఒకరు ఆపరేషన్ అన్నారు. ప్రభువు నాకు నీళ్లు చూపించాడు. నాకవి చాలు" అన్నాను. సంఘమంతా హల్లెలూయ అంది. మా పాస్టరుగారు, మేం అయ్యగారు అని పిలుస్తాం, ఆ రోజు ప్రసంగంలో నా మాటను రెండుసార్లు ఎత్తారు.

సంఘంలో పెరిగినవాళ్లకు తెలుసు, అందరి ముందు చెప్పిన సాక్ష్యం ఇక మన సొంతం కాదు. అందులోనూ 'చాలు' అన్న మాట మాకు చిన్నది కాదు. దేవుని కృప గురించి అనే మాట అది. చాలు అన్నాక ఇంకా కావాలనడం, ఇచ్చినవాడి చేతిని కొంచెం పక్కకు తోయడమే అని చిన్నప్పటి నుంచి విన్నాను. ఆ జిమ్ ఉన్న గల్లీలో మా సంఘం వాళ్లవి మూడు ఇళ్లున్నాయి. నేను ఆ మెట్లెక్కుతుంటే ఎవరో ఒకరు చూస్తారు. "ఏంది సిస్టర్, నీళ్లు చాలుతలేవా?" అంటారు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడ్డాను. ఆ భయానికి విశ్వాసం అని పేరు పెట్టుకున్నాను. బైబిల్లో శరీర సాధన గురించి అపొస్తలుడు తక్కువ చేసి మాట్లాడిన మాట ఒకటి ఉంది. దాన్ని నాకు కావలసినంత మేరకు కోసి వాడుకున్నాను.

పగలు ఒక ఆయాను పెట్టాం. ఆమె, నేను కలిసి పట్టుకుంటే అక్కను కుర్చీలోకి మార్చడం కష్టం కాలేదు. ఆదివారం ఆమెకు సెలవు. ఆ రోజు అక్క మంచం మీదే ఉండేది. నేను ఆరాధనకు వెళ్లడం కూడా మానేసి పక్కన కూర్చునేదాన్ని.

ఐదు వారాలు అలా గడిచాయి. ఆరో ఆదివారం పొద్దున అక్క బాత్రూంకు తీసుకుపొమ్మంది. బెడ్‌పాన్ తెస్తానన్నాను. వద్దంది. "ఒక్క దినమన్న మనిషి లెక్క పోనియ్యవే" అంది. సరే అనుకున్నాను. కుర్చీ దగ్గరికి లాగి, చక్రాలు కదలకుండా బ్రేకు వేసి, చెప్పినట్టే మోకాళ్లు వంచి, ఆమెను ఛాతీకి ఆనించుకుని లేచాను. సగం వరకు వచ్చింది. ఆ సగంలో నా తొడలు వణికాయి. రోజుకు ముప్పై లెంత్‌లు కొట్టే కాళ్లు, ఒక్క అడుగు కూడా వేయకుండానే ముడుచుకుపోయాయి. ఇద్దరం కలిసే కిందికి జారాం. ఆమె నా మీద పడింది. అందుకే ఎముకలు విరగలేదని తర్వాత డాక్టరు అన్నాడు.

ఆమె కింది నుంచి బయటికి వచ్చి, ఆమెను మంచానికి ఆనించి కూర్చోబెట్టాను. మూడుసార్లు ఎత్తబోయాను. నేల మీది నుంచి జానెడు కూడా లేవలేదు. సంఘంలో నాకు నంబరు తెలిసిన ప్రతివాళ్లకూ ఫోన్ చేశాను. ఆరాధన వేళ ఫోన్లు ఆపి సంచుల్లో పెట్టడం మా కట్టుబాటు. ఒక్కటీ మోగలేదు. అప్పుడు ఆమె పక్కనే కూర్చుని బలం కోసం ప్రార్థించాను. మనస్ఫూర్తిగానే ప్రార్థించాను. బలం రాలేదు. అక్క చీర తడిసింది. ఆమె గోడవైపు చూస్తూ ఉంది.

కొంతసేపటికి, "ప్రార్థన అయిందా?" అంది.

"ఇంకా లేదు."

"ఆమెన్ అని లేచి, మూల మీద ఆటోలోళ్లుంటరు, ఇద్దర్ని పిలువుపో. దేవుడు ఏమనుకోడు తీ."

ఇద్దరు వచ్చారు. చెప్పులు గుమ్మం బయట విప్పి, తలలు వంచుకుని లోపలికి వచ్చి, ఒక్క ఊపులో ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. "పరేషాన్ కాకమ్మా" అని అక్కతో అన్నారు. తడిసిన చీరను వాళ్లు చూడనట్టే ఉన్నారు. ఆమె కళ్లు మూసుకుంది.

మరుసటి రోజు ఆమే అడిగింది. "నన్ను హోమ్‌ల పెట్టు."

"మాట ఇచ్చాను అక్కా."

"నువ్వు ఇచ్చినవ్. నేను తీస్కున్ననా?"

తిరుమలగిరి అవతల ఒక హోమ్‌లో చేర్చాను. ఆ వారమే జిమ్ మెట్లెక్కాను. మెడికల్ షాపు పై అంతస్తు అది. నేర్పే అమ్మాయి నా చేత బరువులు తగిలించని ఖాళీ కడ్డీతో మొదలుపెట్టించింది, ఆ కడ్డీకే నా కాళ్లు వణికాయి. ఈత మాత్రం మానలేదు. మోకాళ్లు నిలబడింది దాని వల్లే, ఆ మాట ఇప్పటికీ నిజమే. అది చేసే పని అది చేసింది. చేయని పనిని కూడా దాని నెత్తిన పెట్టింది నేను.

ఒక ఆదివారం సాక్ష్యాల వేళ లేచి, మూడేళ్ల కింద చాలు అన్నాను, అది చాలలేదు, అని జరిగింది చెప్పాను. హల్లెలూయ అనడానికి ఎవరికీ చోటు దొరకలేదు. తర్వాత అయ్యగారు పిలిచి, "నీ మోకాళ్లకని దేవుడిచ్చిన జవాబును నువ్వు అన్నిటికీ వాడుకుంటే, ఆ బరువు మీ అక్క మోయాల్సి వచ్చిందమ్మా" అన్నారు. మెత్తగానే అన్నారు.

పోయిన నెల ఒక మధ్యాహ్నం హోమ్‌కు వెళ్లేసరికి అక్కడి ఆయా భోజనానికి పోయింది. అక్క కిటికీ దగ్గర కూర్చుంటానంది. నేను చుట్టూ చూసి, మోకాళ్లు వంచి, ఆమెను ఛాతీకి ఆనించుకుని లేచాను. లేచింది. కాళ్లు వణకలేదు. ఇంత సులువా అని ఒక్క క్షణం సంతోషించాను. ఆ వెంటనే ఆమె మెడ కింది ఎముక నా గడ్డానికి తగిలింది. వదులైన జాకెట్టు నా చేతిలో కుచ్చులా ముడుచుకుంది. ఎనిమిది నెలల్లో నా బలం ఎంత పెరిగిందో, ఆమె బరువు ఎంత తగ్గిందో, నాకు తెలియలేదు. మంచం కాళ్ల దగ్గర వేలాడే చార్టులో ప్రతి నెలా బరువు రాస్తారు. అటు చూడలేదు.

కుర్చీలో కూర్చోబెట్టి, పాదాలు సర్ది, అడిగాను. "ఇంటికి పోదామా అక్కా? ఇప్పుడు ఎత్తగలను."

ఆమె కిటికీ బయటికి చూసింది. తర్వాత కోపం లేకుండానే అంది. "ఈడ గంట కొడితే ఇద్దరొస్తరే. ఈడనే ఉంట."

ఎండ మొహం మీద పడుతోందని తెర కొంచెం లాగమంది. లాగాను.