గేటత్త ఊడ్చిన వీధి

మా అత్తగారిని వీధంతా గేటత్త అంటారు. ఇంటి గేటును చూసి పెట్టిన పేరు కాదది. ఆవిడ సినిమా హాలు గేటు దగ్గర నిలబడి టికెట్లు చింపే ఉద్యోగం చేసింది. లారీల కింద పడుకుని రిపేర్లు చేసీ చేసీ మావగారి నడుం పట్టేస్తే, ఇల్లు గడవడానికి వెళ్ళి చేరిన పని. మావగారు పోయాక కూడా, హాలు మూసేసి గోడౌనుగా మార్చేదాకా ఆ గేటు వదల్లేదు. ఎవరు ఎవరితో సినిమాకు వచ్చారో, ఎవరు కళ్ళు తుడుచుకుంటూ బయటికి వెళ్ళారో అన్నీ చూసింది. ఒక్క మాట పైకి పొక్కనివ్వలేదు. అలాగని నోట్లో నాలుక లేని మనిషి అనుకునేరు. నోరే ఆవిడ ఆస్తి.

హాలు పోయాక ఆవిడకు దొరికిన రెండో ఉద్యోగం మా ఇంటి ముందు నేరేడు చెట్టు. జీతం లేదు, సెలవు లేదు. దాన్ని ఎవరూ నాటలేదు. దారిన పోయేవాళ్ళెవరో తిని ఉమ్మేసిన గింజ మా ప్రహరీ పక్కన మొలిచి, సగం మా మీదకీ సగం రోడ్డు మీదకీ పెరిగింది. ఏడాది పొడుగునా ఆకు రాల్చేది. పళ్ళ కాలం వచ్చిందంటే ఇక చెప్పక్కర్లేదు, రోడ్డంతా ఊదారంగు. ఆ గుజ్జు చెప్పులకు అంటుకుని పడగ్గదుల దాకా వచ్చేది. దాని కింద తెల్లచొక్కా ఆరేస్తే అంతే సంగతులు.

పొద్దున్నే అత్తయ్య చీపురు పట్టుకుని బయలుదేరేది. మా గుమ్మం ముందు వరకు ఊడిస్తే కాసేపటి పని. ఆవిడ మాత్రం వీధి మలుపు దాకా వెళ్ళేది. మన చెట్టు ఆకు గాలికి ఎంత దూరం పోతే అంత దూరమూ మన పూచీయే అనేది. అసలు సంగతి వేరు. కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని కూర్చుంటాను కనుక రోజూ నా కళ్ళతో చూసేదాన్ని. ప్రతి గేటు ముందూ చీపురు ఆగేది, నోరు మొదలయ్యేది. మాస్టారికి బీపీ తగ్గిందా, నర్సమ్మకు మళ్ళీ నైట్ డ్యూటీ వేశారా, బేకరీ ఆయన కూతురు పరీక్ష గట్టెక్కిందా, అన్నీ ఆవిడతోపాటే మా ఇంటికి వచ్చేవి. మాస్టారూ బేకరీ ఆయనా వాహనం పెట్టుకునే చోటు దగ్గర గొడవపడి మాటలు మానేసిన మనుషులు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఏం చెప్పుకోవాలన్నా ఈవిడ చేతే చెప్పించుకునేవాళ్ళు.

మధ్యమధ్యలో చెట్టుకు తిట్లు. మాయదారి చెట్టు, నా నడుం విరగ్గొట్టడానికే పుట్టింది, దీన్ని ఎవడైనా నరికి పొయ్యిలో పెడితే వాడికి దండం పెడతాను అని వీధి వీధంతా వినేలా తిట్టేది. తిట్టకపోతే ఆవిడకు చెయ్యి కదలదు. నన్నూ అలాగే తిట్టేది, మా ఆయన్నీ అంతే. కోపం వస్తే మాత్రం గొంతు తగ్గించి, ఎదటి మనిషిని మీరు అని మర్యాదగా పిలిచేది. కాపురానికి వచ్చిన కొత్తలో నాతో ఎంతో మర్యాదగా ఉండేది. తిట్లు తినే యోగ్యత సంపాదించుకునేసరికి నాకు తాతలు దిగొచ్చారు.

చెట్టుమీద ప్రేమ ఉందని ఒప్పుకోవడం ఆవిడకు నామోషీ. ఎండాకాలంలో నీళ్ళకు కటకటలాడినప్పుడు మా స్నానాలకు కోత పెట్టేది. బియ్యం కడిగిన నీళ్ళూ గిన్నెలు తొలిచిన నీళ్ళూ మోసుకెళ్ళి చెట్టు మొదట్లో పోసేది. చూశానని తెలిస్తే, పారబోసే నీళ్ళేగా అని మొహం తిప్పుకునేది.

మొన్నటేడు పళ్ళు విరగకాశాయి. వాన వెలిసిన ఒక పొద్దున మాస్టారి గేటు ముందు ఊడుస్తూ, గుజ్జుమీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషను చేసి లోపల రాడ్డు వేశారు. కొన్ని నెలలు మంచం దిగకూడదన్నాడు డాక్టరు.

ఉన్నమాట చెప్పాలి, వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. పడ్డ క్షణాన బేకరీ ఆయన తన వ్యానులో రొట్టెల ట్రేలు రోడ్డుమీద దింపేసి, ఆవిడను ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తాడు. మాస్టారు స్కూల్లో డ్రిల్లు చెప్పిన మనిషి, ఇంకా ఒంట్లో బలం ఉంది. మంచం మీదనుంచి కుర్చీలోకి దింపాలంటే రోజూ వచ్చి మా ఆయనతో కలిసి చెయ్యి వేసేవారు. ఇక నర్సమ్మ. మాస్టారి పక్కింట్లో ఉంటుంది. డ్యూటీ దిగి తన ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా మా ఇంటికి వచ్చి, ఒళ్ళు తుడిచి, పక్కగుడ్డలు మార్చి, వీపున పుళ్ళు పడకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టేది. నేను చేస్తానంటే, నువ్వు మిషను దగ్గరికి పో వదినా, ఇది నాకు చేతనైన పని అనేది. నేను పొయ్యి వెలిగించని రోజులున్నాయి. ఏ గిన్నె ఎవరిదో గుర్తుపెట్టుకుని తిరిగి ఇచ్చేసరికి తలప్రాణం తోకకు వచ్చేది.

ఒక్క పని మాత్రం ఎవరికీ తట్టలేదు. ఊడవడం. ఎవరి గేటు ముందు వాళ్ళు కాస్త చీపురు ఆడిస్తే పోయేదానికి, ఆకులు తొక్కుకుంటూ వచ్చి, మా గుమ్మంలో చెప్పులు దులుపుకుని, అయ్యో, అత్త పడిపోయాక వీధి ఎలా అయిపోయిందో చూడు అని నిట్టూర్చేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ వాళ్ళ కూరగిన్నె చేతిలో పెట్టుకుని ఏమంటాను? కుట్టుపని మధ్యలో లేచి వెళ్ళి మా ముందు ఊడ్చి వచ్చేదాన్ని. మలుపు దాకా అంటే నా వల్ల కాలేదు.

ఒక సాయంత్రం మాస్టారూ బేకరీ ఆయనా కలిసి వచ్చారు. ఎడమొహం పెడమొహంగా ఉండే ఆ ఇద్దరూ ఒకే సోఫాలో పక్కపక్కన కూర్చుంటే నాకు అప్పుడే ఏదో తేడా కొట్టింది. చెట్టు కొట్టించేద్దాం అన్నారు. మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళి మాట్లాడి వచ్చారట. ఒకాయన వచ్చి చూస్తాడట. ఎవరి గుమ్మం ముందు చెట్టుందో ఆ ఇంటి పెద్ద సరేనంటే చాలట. ఇన్నేళ్ళూ ఒక్కతే చాకిరీ చేసింది, చివరికి అదే ఆవిడను పడగొట్టింది, లేచి నడిచేసరికి ఆ బెడద ఉండకూడదు అన్నారు మాస్టారు. చెప్తూంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

చెట్టంటే ఆవిడకు ప్రాణమండీ అన్నాను. ఇద్దరూ నవ్వారు. బేకరీ ఆయన అత్తయ్య గొంతు పెట్టి ఆ తిట్లన్నీ పొల్లు పోకుండా అప్పజెప్పాడు. ఇన్నేళ్ళుగా పొద్దున్నే విన్నవాళ్ళు, వాళ్ళ తప్పేముంది? మా ఆయన వైపు చూశాను. ఆయన గోళ్ళు చూసుకుంటున్నాడు. వాళ్ళు వెళ్ళాక, ఇంత చేసినవాళ్ళను కాదంటే ఏం బాగుంటుంది అని గొణిగాడు. మొహమాటం ఈయనకు ఎక్కణ్ణించి వచ్చిందో అని విసుక్కున్నాను. తల్లి దగ్గర నుంచే అని అప్పటికి నాకు తెలియదు.

అత్తయ్యకు సంగతి చెప్పాను. ఆవిడ మంచానికి ఎదురుగా కిటికీ, కిటికీ నిండా నేరేడు కొమ్మలు. అటే చూస్తూ, మన మాటమీదే ఆధారపడి ఉందా అని అడిగింది. అవును, మీ ఒక్క మాటమీదే అన్నాను. సరే, రానీ, నేను చెప్పుకుంటాలే అంది. నా గుండెలమీద బరువు దిగిపోయింది. టికెట్టు లేకుండా దూరిన రౌడీలను కాలరు పట్టుకుని బయటికి గెంటిన మనిషి. ఆఫీసాయన ఒక లెక్కా అనుకున్నాను.

ఆదివారం వచ్చాడాయన. వెనకే అందరూ వచ్చి గదిలో నిలబడ్డారు. ఆయన మంచివాడే పాపం. కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని, ఎవరి కోసమూ చెప్పక్కర్లేదమ్మా, మీ మనసులో ఉన్నది చెప్పండి, వద్దంటే ఇప్పుడే వెళ్ళిపోతాను అన్నాడు. అంతకన్నా ఏం కావాలి?

అత్తయ్య ఒకసారి గదంతా కలయజూసింది. నర్సమ్మ యూనిఫాంలోనే ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని పాదానికి నూనె రాస్తోంది. మాస్టారు తలుపు దగ్గర నిలబడ్డారు. బేకరీ ఆయన చేతిలో వేడివేడి బన్నుల పొట్లం. అందరి మొహాల్లోనూ ఒకటే వెలుగు. కానుక ఇచ్చి, విప్పేదాకా ఆగలేక చూసేవాళ్ళ మొహాలు అలా ఉంటాయి.

"వీళ్ళందరూ నా మేలు కోరే కదా చెప్తున్నారు నాయనా," అంది అత్తయ్య. "కొట్టించెయ్యండి."

నేను ఉండబట్టలేక ముందుకు వచ్చాను. "అదేంటత్తయ్యా, మీకు ఇష్టం లేదు కదా. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

ఆవిడ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "మీరు లోపలికి వెళ్ళి అందరికీ టీ పెట్టండి," అంది.

టీ పెట్టాను. పాలు పొంగి స్టవ్వు మీద పడుతున్నా చూస్తూ నిలబడ్డాను. గదిలోంచి నవ్వులు వినిపిస్తున్నాయి. అందరూ వెళ్ళాక మంచం పక్కన కూలబడి, ఎందుకు అలా చెప్పారని నిలదీశాను.

"నర్సమ్మ నా కిందవన్నీ ఎత్తి పారబోసిందే. కన్నకూతురైనా విసుక్కుంటుంది, ఆ పిల్ల ఒక్కనాడు మొహం చిట్లించలేదు. అంత సంతోషంగా చూస్తూంటే కాదని ఎలా అనమంటావు?"

"మరి చెట్టో?"

"చెట్టు ఏమీ అనుకోదు. మనుషులు అనుకుంటారు."

ఊరుకోలేదు నేను. మర్నాడు ఆఫీసుకు వెళ్ళాను. పెద్దావిడ నోట నేనే విన్నాను కదమ్మా, అత్తాకోడళ్ళ మధ్యకు నన్ను లాగకండి అన్నాడాయన. నర్సమ్మ చెవిన వేశాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, నీకు కూడా శ్రమ తగ్గుతుందిలే వదినా, ఊడ్చి ఊడ్చి చిక్కిపోయావు అని ఓదార్చింది. ఇక మాస్టారి గేటు తడదామని బయలుదేరుతూంటే అత్తయ్య మంచంమీద నుంచి కేకేసి పిలిచి, నా చేత ఒట్టు వేయించుకుంది. ఇంకొకరితో అన్నావంటే నేను వీళ్ళ చేతి ముద్ద ముట్టను, నీ చేతిదీ ముట్టను అంది. ఏం చెయ్యను? ఎదటివాళ్ళు చెడ్డవాళ్ళయితే చీపురు తిరగేసి వెళ్ళేదాన్ని. మంచివాళ్ళతో ఎలా పోట్లాడాలో నాకు చేతకాలేదు.

చెట్టు కొట్టే రోజు నర్సమ్మ సెలవు పెట్టింది. ఆ మోత వింటూ అత్త ఒంటరిగా ఉండకూడదట. మాస్టారు తన రేడియో తెచ్చి తలగడ పక్కన పెట్టి సౌండు పెంచారు. బయట రంపం మిషను బుర్రుమన్నప్పుడల్లా బేకరీ ఆయన ఒక జోకు వేసేవాడు. వేసిన ప్రతి జోకుకూ అత్తయ్య నవ్వింది. పెద్ద కొమ్మ పడ్డప్పుడు గోడ అదిరింది, అప్పుడూ నవ్వింది. దుప్పటి చాటున ఆవిడ చెయ్యి పరుపు అంచును పిసికేస్తోందని నా ఒక్కదానికే కనబడింది. భోజనాల వేళకు కిటికీ నిండా ఆకాశం తప్ప ఏమీ లేదు. గదిలోకి ఎండ పడి మంచం కోడు దాకా వచ్చింది. ఇక హాయిగా పడుకో అత్తా అని బేకరీ ఆయన కేకు కోసి నోట్లో పెట్టాడు. ఆవిడ తిన్నది. నేను పెరట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

డాక్టరు చెప్పినదానికన్నా ముందే లేచింది అత్తయ్య. వాకరు పట్టుకుని గదిలో, తర్వాత వరండాలో నడిచింది. లేచి తిరిగే మనిషికి ఇంకా సేవలెందుకు? రాకపోకలు తగ్గాయి. ఎవరి పనులు వాళ్ళకుంటాయి, తప్పుపట్టడానికి ఏమీ లేదు. చెట్టున్న చోట నేల చదును చేస్తే బేకరీ ఆయన తన వ్యాను అక్కడ పెట్టాడు. మాస్టారు తన స్కూటరు పెట్టుకుందామనుకున్నారట. మళ్ళీ ఇద్దరికీ మాటల్లేవు. ఈసారి మధ్యన కబురు మోసేవాళ్ళు కూడా లేరు. వీధి మాత్రం అద్దంలా ఉంది.

ఒక పొద్దున ఆవిడ ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని, వాకరుతో బయటికి వెళ్ళింది. నేను కుట్టడం ఆపి కిటికీలోంచి చూస్తున్నాను. మాస్టారి గేటు ముందు ఆగింది. ఆయన పేపరు దించి, ఏం కావాలక్కయ్యా అని అడిగారు. ఏం లేదంది. ఎండ ఎక్కుతోంది, ఇంట్లో హాయిగా పడుకోక ఈ తిరుగుడెందుకు అన్నారాయన ప్రేమగా, మళ్ళీ పేపరు ఎత్తారు. అటు నుంచి అత్తయ్య నర్సమ్మ గేటు దగ్గరికి వెళ్ళింది. నర్సమ్మ హడావుడిగా తాళం వేస్తూ, ఏమైనా కావాలా అత్తా, ఫోను చేస్తే నేనే వచ్చేదాన్నిగా అని, బస్సు తప్పిపోతుందని వెళ్ళిపోయింది. మలుపు దాకా వెళ్ళకుండానే అత్తయ్య వెనక్కి తిరిగింది.

మెట్టుమీద కూర్చుంటే మంచినీళ్ళు తీసుకెళ్ళి ఇచ్చాను. తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది.

"చూశావుటే, అందరూ ఏం కావాలి అనే అడుగుతున్నారు," అంది. "ఇదివరకు ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఊడుస్తోంది అనుకునేవాళ్ళు, నా మానాన నేను నిలబడి మాట్లాడేదాన్ని. ఇప్పుడు ఉత్త చేతులతో వెళ్ళి నిలబడితే ఏదో ఒకటి కావాలని చెప్పాలి. ఏం కావాలని చెప్పనే?"

ఆవిడ నీళ్ళు తాగి, గ్లాసు నా చేతికి ఇచ్చింది. మర్నాడు బయటికి వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా వెళ్ళలేదు.