మా రేష్మకు దాహం వేసిన వేసవి

ఆ రోజు పొద్దున పక్కబట్టలు తీస్తుంటే పరుపు చేతికి తడిగా తగిలింది. మా రేష్మకు అప్పటికి పదకొండేళ్లు. ఆరో తరగతి చదువుతోంది. మూడేళ్లు నిండకముందే పక్క తడపడం మానేసిన పిల్ల. తడి కనపడకుండా దుప్పటి మడిచి పైన వేసి, బడికి జడలు వేసుకుంటోంది.

"ఇదేంటే?" అన్నాను.

తల వంచుకుంది. "తెలీలేదమ్మా," అంది.

మాది ప్రత్తిపాడు. మెయిన్ రోడ్డు మీద పరుపుల దుకాణం ఉంది. మా ఆయన మీరావలి దూది ఏకి పరుపులు కడతారు. నేను గలీబులు కుడతాను. పరుపుల వాళ్ళింట్లో ఇంత పిల్ల పక్క తడిపిందని తెలిస్తే నలుగురూ నవ్వుతారని ఆ పూట నా బాధ. అంతకు మించి నాకేమీ తోచలేదు.

అవి మిరపకాయలు కళ్లాల్లో ఎండుతున్న రోజులు. ఊరంతా ఘాటు. ఎవరి గొంతు చూసినా ఎండిపోయి ఉండేది. అందుకని రేష్మ బడి నుంచి వస్తూనే చెంబుల కొద్దీ నీళ్లు తాగుతుంటే నాకు వింతగా అనిపించలేదు. ఒకరోజు వాళ్ళ టీచరు దుకాణం దగ్గర ఆగి, "సైదాబీ గారూ, మీ పాప పీరియడ్‌కు రెండుసార్లు బయటికి వెళ్తానంటోంది, ఒకసారి చూపించండి," అన్నారు. చూపిస్తానన్నాను. మర్నాడు పెళ్ళివారి పరుపులు ఇవ్వాల్సి ఉంది. అవి ఇచ్చాక వేరే పని వచ్చింది.

లంగా బొందు బిగించి కట్టినా జారిపోయేది. మా అత్తమ్మ, "ఎదిగే పిల్ల, అలాగే సాగుద్దిలే," అంది. నిజమేననుకున్నాను.

ఆ వారంలో నాలుగోసారి పరుపు తడిశాక నేనొక పని చేశాను. పొద్దుగూకాక నీళ్లు తాగొద్దని చెప్పి, దాని స్టీలు సీసా తీసి బీరువా మీద పెట్టాను.

"ఒక్క గుక్కేనమ్మా," అంది.

"పొద్దున తాగుదువులే."

అది మారు మాట్లాడే పిల్ల కాదు. వెళ్ళి పడుకుంది. అలా అయిదు రోజులు చేశాను.

ఆరో రోజు కడుపునొప్పి అంది. రెండుసార్లు వాంతి అయింది. ఊళ్ళో మేమంతా చూపించుకునే డాక్టరు పొట్ట నొక్కి చూసి, "ఎండదెబ్బ, గ్యాస్," అని ఇంజెక్షను చేసి సెలైన్ పెట్టాడు. ఆయన్ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. పక్క తడుపుతోందని నేనాయనకు చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డాను.

మర్నాడు పొద్దునకి రేష్మ ఊపిరి తీరు మారిపోయింది. పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతోంది. నోటి నుంచి మగ్గిన పండు లాంటి వాసన. మా ఆయన ఆటో పిలిచారు. గుంటూరు దాకా దాని తల నా ఒళ్ళోనే ఉంది. మిర్చి బస్తాల లారీ ఒకటి ముందు వెళ్తుంటే ఆ ఘాటుకు దగ్గింది. నీళ్ళడిగింది. ఈసారి ఇచ్చాను. తాగింది తాగినట్టే కక్కేసింది.

పిల్లల ఆసుపత్రి క్యాజువాలిటీలో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. దగ్గరికి వంగి ఊపిరి చూసి, "జీఆర్‌బీఎస్ చూశారా ఎక్కడైనా?" అని అడిగింది. అదేమిటో మాకు తెలియదు. వేలి చివర గుచ్చి ఒక చుక్క రక్తం తీసి చిన్న మెషీనుకు పెట్టారు. అంకె రాలేదు. 'హెచ్ఐ' అని రెండు అక్షరాలు వచ్చాయి. మెషీను చూపించగలిగిన దానికన్నా షుగర్ ఎక్కువుంటే అలా వస్తుందట.

"ఎన్నాళ్ళ నుంచి నీళ్లు ఎక్కువ తాగుతోందమ్మా?"

"రెండు మూడు వారాల నుంచి."

"సన్నబడిందా? పక్క తడుపుతోందా?"

నేను చూడకుండానే నా ఇల్లంతా చూసినట్టు అడుగుతోంది. అన్నిటికీ అవునన్నాను.

"ఇది టైప్ వన్ డయాబెటిస్. డీకేఏలో ఉంది. ఒంట్లో ఇన్సులిన్ లేక రక్తంలో యాసిడ్ పెరిగిపోయింది. పిల్లల ఐసీయూలో పెడుతున్నాం."

"చిన్నపిల్లలకు షుగరేంటండీ? మా వంశంలోనే లేదు," అన్నారు మా ఆయన. చాలామంది ఇదే మాట అంటారని ఆమె తర్వాత చెప్పింది.

సాయంత్రానికి పాప కళ్ళు తెరిచింది. నన్ను గుర్తు పట్టింది. దాహం అంది. నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదని ఎన్‌పీఓ బోర్డు పెట్టారు. సిస్టరు తడి దూది ఇచ్చి పెదాలకు అద్దమంది. అద్దాను. ఆ దూదినే చప్పరించడానికి చూసింది. "పరీక్షలకి వెళ్ళొచ్చా అమ్మా?" అని అడిగింది. డాక్టరు కూడా, "షుగర్ దిగుతోంది, రెస్పాండ్ అవుతోంది," అన్నారు. మా ఆయన కిందికి వెళ్ళి అందరికీ ఫోన్లు చేసి చెప్పారు.

మర్నాడు పొద్దున తలనొప్పి అని ఏడ్చింది. కాసేపటికి పిలిస్తే పలకలేదు. అందరూ ఒక్కసారి మంచం చుట్టూ చేరారు. నన్ను బయటికి పంపారు. గంట తర్వాత పెద్ద డాక్టరు వచ్చి కూర్చోబెట్టి చెప్పారు. "సెరిబ్రల్ ఎడీమా అమ్మా. మెదడు వాచింది. డీకేఏ తీవ్రంగా ఉన్న పిల్లల్లో కొద్దిమందికి వస్తుంది. వెంటిలేటర్ పెట్టాం."

"మేం ముందే తెస్తే?"

"ముందే తెలిస్తే బాగుండేది," అన్నారు.

మూడో రోజు, శుక్రవారం మధ్యాహ్నం, రేష్మ పోయింది.

మా ఊళ్ళో ఆడవాళ్ళం ఖబరస్తాను లోపలికి వెళ్ళం. ఇంటి గుమ్మం దాకానే నేను వెళ్ళాను.

తర్వాత నా సంగతి. నలభయ్యో రోజు ఫాతిహా అయ్యే దాకా మనుషులు ఉన్నారు. ఆ తర్వాత ఎవరి పనుల్లోకి వాళ్ళు వెళ్ళారు. మా ఆయన దుకాణం తెరిచారు. నాకు అన్నం ముద్ద గొంతు దిగేది కాదు. మంచినీళ్ళ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే గుండె దడదడలాడేది. నాలుక పిడచగట్టే దాకా ఉండి, ఇక ఆగలేక తాగేదాన్ని. ఈసీజీ తీశారు, నార్మల్. థైరాయిడ్ చూశారు, నార్మల్. చివరికి ఒక డాక్టరు, "ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగి సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు.

ఆవిడ పెద్దావిడ. తొందర పెట్టలేదు. రెండోసారి వెళ్ళినప్పుడు సీసా సంగతి చెప్పాను. అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆవిడ ఊరుకోబెట్టలేదు. "మీరు నీళ్ళు ఆపినందుకు ఆ జబ్బు రాలేదు. అది ముందే వచ్చింది. కానీ ఆ జబ్బులో నీళ్ళు ఆపకూడదు. మీకు తెలియక ఆపారు. ఈ మూడూ నిజాలే. మూడూ కలిపి మోయడం నేర్చుకోవాలి," అంది. మందు రాసింది.

మందు వాడితే కొంచెం నిద్ర, కొంచెం ఆకలి వచ్చాయి. బాగైపోయిందనుకుని రంజాను నెలలో నాకు నేనే మానేశాను. పండగ నాటికి మళ్ళీ మంచం పట్టాను. "డాక్టరుని అడక్కుండా ఆపకూడదు," అని ఆవిడ గట్టిగానే అంది. మళ్ళీ మొదటి నుంచి మొదలు.

మా ఆయనకు మాత్రం చెప్పలేకపోయాను. ఒక మధ్యాహ్నం దుకాణంలో ఇద్దరం చెరో పక్కన కూర్చుని పరుపుకు కుట్లు వేస్తున్నాం. దబ్బనం ఆయన అటు నుంచి పంపుతున్నారు, నేను ఇటు లాగుతున్నాను. ఆయన మొహం చూడకుండా చెప్పాను. "దాని సీసా బీరువా మీద పెట్టింది నేనేనండీ. నీళ్ళు తాగనివ్వలేదు."

దబ్బనం ఆగిపోయింది. "నాకు తెలుసు సైదా. నేనూ చూశా. నన్నూ అడిగింది. మీ అమ్మ చెప్పినట్టు వినమన్నా."

ఆ పరుపు ఆ రోజు పూర్తి కాలేదు.

ఇప్పటికి మూడేళ్ళు. ప్రతి శుక్రవారం ఆయన ఖబరస్తానుకు వెళ్తారు. నేను గోడ బయట వేపచెట్టు కింద నిలబడతాను. మిగిలిన రోజుల్లో దాని పేరు మా ఇంట్లో మామూలుగానే వినిపిస్తుంది. దానికి ఇష్టమైన వంకాయ బజ్జీ వేసినప్పుడు ఆ మాట పైకే అనుకుంటాం. కొత్తగా వచ్చిన కొనుగోలుదారులు, "ఎంతమంది పిల్లలమ్మా?" అని అడుగుతారు. మొదట్లో లేరనేదాన్ని. అలా అన్న రోజు ఒళ్ళంతా నొప్పులుగా ఉండేది. ఇప్పుడు, "ఒక పాప, రేష్మ. పోయింది," అంటాను. కొందరు లేచి వెళ్ళిపోతారు. వెళ్ళనీ.

కిందటేడు దాని బడి హెడ్‌మిస్ట్రెస్ గారు తల్లిదండ్రుల మీటింగులో మాట్లాడమన్నారు. దాహం, పక్క తడపడం, సన్నబడటం, ఊపిరి, వాసన, ఉన్నదున్నట్టు చెప్పాను. సీసా సంగతి కూడా చెప్పాను. వెనక వరసలో మరియమ్మ అని మిరప కోతలకు వెళ్ళే మనిషి కూర్చుంది. ఆ సాయంత్రమే వాళ్ళ ఏడేళ్ళ కూతుర్ని ఆశా కార్యకర్త దగ్గరికి తీసుకెళ్ళి వేలు గుచ్చి చూపించిందట. షుగర్ నాలుగు వందలు దాటి ఉంది. ఇంకా డీకేఏ దాకా పోలేదు. ఆసుపత్రిలో చేర్చిన వారంలో ఇంటికి వచ్చేసింది.

మరియమ్మ పిల్లను వెంటబెట్టుకుని దుకాణానికి వచ్చింది. "అక్కా, నీ మాటే మా పిల్లని కాపాడింది," అంది. ఆ పిల్ల నన్ను చూసి, "నాకు రోజూ ఇంజెక్షను, నేనే పొడుచుకుంటా," అని పొట్ట మీద చోటు చూపించింది.

నాకు సంతోషం కలిగింది. దాని వెనకే కుళ్ళు కూడా కలిగింది. దాచడం ఎందుకు? మా రేష్మ కూడా అలా పొడుచుకునేదే కదా అనిపించింది. లోపలికి వెళ్ళి దూది బస్తాల మీద కూర్చుండిపోయాను. తర్వాత రెండు నెలలు వాళ్ళ వీధి వైపు వెళ్ళలేదు. ఇప్పుడు వెళ్తున్నాను. పిల్ల బాగానే ఉంది. వాళ్ళింటి నుంచి వచ్చిన రోజు మాత్రం నాకు వంట చేయబుద్ధి కాదు. మా ఆయనకు అది తెలుసు. ఆ రోజు ఆయనే అన్నం వండుతారు.

నా మందు సగానికి తగ్గించారు. ఇంకా ఉంది. పూర్తిగా బాగవుతుందా అని అడిగితే ఆ పెద్దావిడ, సైకియాట్రిస్టు, "ఇలా ఉండగలగడం అలవాటవుతుంది," అంది. నేను దానికి సిద్ధపడ్డాను.

మీతో ఒక్క మాట. పక్క తడపడం మానేసిన పిల్ల మళ్ళీ తడుపుతున్నా, నీళ్ళు విపరీతంగా తాగుతున్నా, తిండి తింటూనే సన్నబడుతున్నా, తిట్టకండి, నీళ్ళు ఆపకండి. అదే రోజు తీసుకెళ్ళి వేలు గుచ్చి షుగర్ చూడమనండి. నిమిషం పట్టదు. పిల్లలకు షుగరేంటని అక్కడెవరైనా నవ్వినా పట్టుబట్టండి. ఎవరు చెప్పారని అడిగితే, ప్రత్తిపాడు పరుపుల దుకాణంలో రేష్మ వాళ్ళ అమ్మ చెప్పిందనండి.