ఆ పాటకి నాన్న చెప్పిన ఆమేన్

మొన్న ఆదివారం గుడి నుంచి వచ్చి చేపల పులుసు పొయ్యి మీద పెట్టానో లేదో, మా మనవరాలు పరిగెత్తుకొచ్చి నా రెండు చెవుల్లోనూ తెల్లటి బిరడాల్లాంటివి దూర్చేసి, చిన్న తాతయ్య సోలో ఆల్బం వచ్చేసిందమ్మమ్మా, విను విను, అని గంతులేసింది. చిన్న తాతయ్యంటే మా తమ్ముడు. పాతికేళ్ళుగా వాడు చేస్తున్న పనిని ర్యాప్ అంటారనీ, ఆ వరసలో వాడిప్పుడు వెటరన్ అనీ, ఫోనులో అందరూ అలాగే రాస్తున్నారనీ ఆ పిల్లే చెప్పింది. నేను ముక్కు తుడిచి బడికి పంపిన వెధవ వెటరన్ ఎప్పుడయ్యాడో నాకైతే అంతుపట్టలేదు. సోలో అన్నది అంతకన్నా అంతుపట్టలేదు. ఇన్నేళ్ళూ ఇద్దరు స్నేహితులతో కలిసి చేశాడట, ఒక్కడే చేయడం ఇదే మొదలట. యాభైకి దగ్గరపడ్డాక ఒక్కడివే నిలబడాలని ఎందుకనిపించిందిరా నీకు అని మనసులోనే గొణుక్కుంటూ, పులుసు కింద మంట తగ్గించి, ఆ గడగడల్ని వింటూ నిలబడ్డాను. పాటంటే పల్లవీ చరణమూ ఉండాలనుకునే మన ఈడు వాళ్ళకి అదెంత కష్టమో నేను వేరే చెప్పక్కర్లేదు కదా.

మా ఊరు నిడదవోలుకి దగ్గర్లోనే, కాలవ గట్టున. నాన్న ఆ ఊరి ఎలిమెంటరీ స్కూల్లో మాస్టారు, ఆదివారమైతే గుడిలో హార్మోనియం ముందు కూర్చునేవారు. మాటల విషయంలో మహా పొదుపరి. ఆయన నోటి నుంచి గట్టిగా వచ్చేది ఒక్క ఆమేనే, అది మా పేటంతటికీ తెలిసిన ఆమేన్. ఎవరైనా సాక్ష్యం చెప్పడానికి లేచి, దేవుడు చేసిన మేలు దగ్గర మొదలెట్టి తోడికోడలు చేసిన కీడు దాకా వెళ్ళిపోతుంటే, నాన్న మాట మధ్యలోనే "ఆమేన్!" అని గుడి అదిరేలా అనేసి హార్మోనియం మెట్లు నొక్కేసేవారు. ఇక ఆ మనిషి కూర్చోవాల్సిందే. పెళ్ళిళ్ళలో భోజనాల ముందు ప్రార్థన ఎవరైనా సాగదీస్తుంటే పిల్లలమందరం ఆకలితో కళ్ళు తెరిచి నాన్న వైపే చూసేవాళ్ళం.

అమ్మది ఇంకో పట్టుదల. ఇంట్లోకి ఏది కొత్తగా వచ్చినా మొదట గుడికి వెళ్ళి రావాలి. ప్రథమ ఫలం అనేది. గేదె ఈనితే జున్నుపాలు, పాదుకి కాసిన తొలి ఆనపకాయ, కుట్టుమిషనూ, సైకిలూ, అన్నీ గుడిలో ప్రార్థన బల్ల దగ్గరికి వెళ్ళి, పాస్టరు అయ్యగారు చెయ్యి వేసి ప్రార్థన చేశాకే మాకు దక్కేవి. నేను తణుకులో నర్సుగా చేరినప్పుడు నా తెల్లటి యూనిఫాం అలాగే ఆనపకాయ పక్కన పడుకుని పసరు మరక అంటించుకు రావడం, నేను వారం రోజులు మూతి ముడుచుక్కూర్చోవడం, అదంతా ఇప్పుడెందుకులెండి. తమ్ముడు డిగ్రీ చదివే రోజుల్లో కీబోర్డు కొంటే దానికీ ప్రార్థన జరిగింది. దాని మీదే వాడు ఆదివారాలు నాన్న హార్మోనియం పక్కన కూర్చుని కీర్తనలకి వాయించేవాడు.

అలాంటివాడు, రెండు వేలు దాటిన కొత్తలో, స్నేహితులిద్దర్నీ వెంటేసుకుని రాజమండ్రి వెళ్ళి, మా వైపు వాళ్ళు దేవుడి పాటలు రికార్డు చేయించుకునే గదిలోనే తనూ ఒక క్యాసెట్టు చేయించుకొచ్చాడు. ఆ ఆదివారం వాడింకా దుప్పటి ముసుగులో ఉండగానే అమ్మ వాడి సంచిలోంచి ఒక క్యాసెట్టు తీసి, కొంగున ముడేసుకుని గుడికి పట్టుకెళ్ళిపోయింది. గుడిలో వాయించే పిల్లాడి క్యాసెట్టులో ఇంకేం పాటలుంటాయి? మా పేటలో అప్పటిదాకా ఎవరు క్యాసెట్టు చేయించినా దేవుడి పాటలే చేయించారు. అడగాలన్న ఆలోచన ఆవిడకే కాదు, మాకెవరికీ రాలేదు.

అయ్యగారు సంబరపడిపోయి, అందర్నీ నిలబడమని, క్యాసెట్టు మీద చెయ్యి వేసి పొడుగాటి ప్రార్థన చేసి, మళ్ళీ కూర్చోమనడం మర్చిపోయి, ఏదీ ఒక పాట విందాం అంటూ టేపురికార్డరులో వేయించి మైకు ముందు పెట్టించారు. అప్పుడే వచ్చి గుమ్మంలో నిలబడ్డ తమ్ముడు "అయ్యగారండీ, ఆగండి, ఆగండి" అంటూ చాపల మీద అందరి కాళ్ళూ తొక్కుకుంటూ ముందుకి రాబోయాడు గాని, ఆ జనంలో సందు దొరికితేగా! బాక్సులు దడదడలాడాయి.

ఏమిటా వస్తున్నది? రాగం లేదు. డబ్బాలు బాదినట్టున్న చప్పుడు మీద మా వాడి గొంతు, ఊపిరి తీసుకోకుండా మాట మీద మాట, మాట మీద మాట. పాటా, ప్రసంగమా, పోట్లాటా? టేపు స్పీడెక్కిపోయిందని మా బాబాయి ముందుకెళ్ళి దాని నెత్తిన రెండు చరిచాడు. పిల్లాడి మీదికి పరిశుద్ధాత్మ దిగి అన్యభాషలు వచ్చేశాయర్రా అని మా నాన్నమ్మ చేతులెత్తి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కూర్చోమని ఎవరూ అనలేదు గనక అందరం నిలబడే ఉన్నాం. ప్రార్థనలో ఉన్నామో అందులోంచి బయటికొచ్చామో తెలియక ఆడవాళ్ళం నెత్తిన కొంగులు తియ్యలేదు.

కాసేపటికి మాటలు అందడం మొదలైంది. అది కిటికీలో ఉన్న ఒక గాజు గ్లాసు గురించి. మా స్కూల్లో మాస్టార్లందరి గ్లాసులూ బల్ల మీద ట్రేలో ఉండేవి, ఒక్కటి మాత్రం విడిగా కిటికీలో ఉండేది. టీ తెచ్చిన మనిషి తగలకుండా పైనుంచి దాన్లో పోసేవాడు, తాగాక ఆ మాస్టారే కడుక్కుని మళ్ళీ కిటికీలో పెట్టుకోవాలి. ఆ గ్లాసు నాన్నది. అదే స్కూల్లో చదివాం గనక నేనూ చూశాను, తమ్ముడూ చూశాడు. ఇంట్లో మాత్రం ఎవరం ఆ మాట ఎత్తలేదు. మెడ దాకా బొత్తాలు పెట్టుకున్న ఇస్త్రీ చొక్కాతో నాన్న బడికి వెళ్ళేవారు, అదే చొక్కాతో తిరిగొచ్చేవారు, మధ్యలో ఏం జరిగిందో మాకు తెలియదని ఆయనా, మాకు తెలియనట్టే మేమూ బతికేశాం. అలాంటిది వాడు గుడిలో, మైకులో, మా నాన్న గ్లాసు, మా నాన్న గ్లాసు అని అరిచి చెప్పేస్తున్నాడు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది, ఎవరి మీదో తెలియని కోపమూ వచ్చింది. నాన్న వైపు చూసే ధైర్యం లేక చాప అంచు చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు వినపడింది, నాన్న ఆమేన్. జనమంతా హమ్మయ్యనుకుని తామూ ఆమేన్ అనేసి కూర్చున్నారు. నాన్న హార్మోనియం మెట్లు నొక్కారు. ఇంటికొచ్చాక తమ్ముడు ఆయనకెదురుగా కంచం ముందు తలొంచుకుని కూర్చుంటే, తిడతారో కొడతారో అని మేం బిక్కచచ్చిపోయి చూస్తుంటే, నాన్న "పెరుగేసుకోరా" అన్నారు. అంతకుమించి ఆ పాట ఊసు ఎత్తలేదు, ఆ రోజు గాని, బతికున్నన్నాళ్ళు గాని.

ఆ వారంలోనే తమ్ముడు హైదరాబాదు వెళ్ళిపోయాడు. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, అవీ పోయి చేతికి దొరకనివేవో వచ్చాయి, నాన్న పోయారు, వాడి పేరు నలుగురికీ తెలిసింది. వాడు మాత్రం ఫోను చేసినప్పుడల్లా తిరిగి తిరిగి అక్కడికే వచ్చేవాడు. "అక్కా, నాన్న నన్ను ఆపేశారంటావా, దీవించారంటావా?" నవ్వుతున్నట్టే అడిగేవాడు గాని గొంతులో నవ్వుండేది కాదు. నాకేం తెలుసురా అనేదాన్ని. అందర్నీ ఆపినట్టే ఆపేశారేమోనని నా లోపల ఉండేది, వాడితో అనే మనసొప్పలేదు. ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎంతమంది చప్పట్లు కొట్టినా, ఆ గ్లాసు పాట మాత్రం వాడు మళ్ళీ పాడలేదు.

మొన్నటి ఆల్బంలో చివర వచ్చింది అదే. గొంతు ముదిరింది, మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడు. ఇప్పటికీ సగం మాటలు నాకు అందలేదు. పాట అయిపోయింది, అయిపోయాక కూడా ఏదో వస్తూనే ఉంది. ఒట్టి సుయ్‌మనే చప్పుడు, క్యాసెట్టులో పాట అయిపోయాక టేపు ఖాళీగా తిరిగే చప్పుడు. మనవరాలు ఫోను లాక్కుని, నెట్ పోయినట్టుంది అమ్మమ్మా అంది. ఉండవే, అన్నాను. ఆ చప్పుడు నాకు తెలుసు, ఆ పాత క్యాసెట్టులోదే తెచ్చి చివర అతికించినట్టున్నాడు. ఆ రోజు గుడి బాక్సుల్లోంచి వచ్చింది, బాబాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, చంటిపిల్లలు కూడా కిమ్మనలేదు, టేపు అలా తిరుగుతూనే ఉంది. ఆ తరవాత కదా నాన్న ఆమేన్ అన్నది! మాట మధ్యలో కాదు. పాట పూర్తయ్యి, ఇంకేమైనా ఉందేమోనని ఆగి, అప్పుడన్నారు. ఆపాలనుకున్న మనిషిని నాన్న ఏనాడైనా పూర్తి చెయ్యనిచ్చారా?

పులుసు అడుగంటుతోందని మనవరాలు అరుస్తున్నా వినకుండా తమ్ముడికి ఫోను చేసి చెప్పాను. "అయితే మొత్తం విన్నారంటావా అక్కా?" అన్నాడు. విన్నార్రా, నిలబడి మరీ విన్నారు, అన్నాను. "నచ్చిందంటావా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా. అది మాత్రం నన్నడక్కు, నాకే నచ్చిందో లేదో నాకు తెలిసి చావడం లేదు, అన్నాను. వాడు నవ్వుతున్నాడనుకున్నాను, కాదు, ఏడుస్తున్నాడు.

ఇప్పుడు ఎవరి చెవుల్లో వాళ్ళు బిరడాలు పెట్టుకుని ఎవరి పాట వాళ్ళు వింటున్నారు. కాళ్ళు పీక్కుపోయేలా ఎవరూ ఎవర్నీ నిలబెట్టరు, నచ్చకపోతే వేలితో తోసేస్తే పోతుంది. అదే మంచిదేమో, నాకు తెలియదు. ఆ సాయంత్రం ఆ పాట మళ్ళీ పెట్టించుకుని, నెత్తిన కొంగు వేసుకుని, నిలబడి విన్నాను. చివరి చప్పుడు కూడా పూర్తయ్యేదాకా ఆగి, గట్టిగా ఆమేన్ అన్నాను. ఎవరితో మాట్లాడుతున్నావమ్మమ్మా అంది మనవరాలు పక్క గదిలోంచి. పాట నా చెవుల్లోనే ఉంది, ఆ ఆమేన్ దేనికో ఇంట్లో ఇంకెవరికీ తెలిసే దారి లేదు.