సంతకాలు ముందు, సభ తర్వాత

ఈ సంగతి నేను ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పంచాయతీ కార్యదర్శిగా నేను రాసిన మొదటి గ్రామసభ తీర్మానాన్ని, సభ జరగకముందే రాసి పెట్టాను.

నా మొదటి పోస్టింగు శంషాబాద్ దగ్గర, తుక్కుగూడకు వెళ్లే దారిలో ఉన్న ఒక చిన్న ఊరు. జూన్ మొదటి వారంలో చేరాను. ఏడాది తిరగకముందే ఇది జరిగింది. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. ఇళ్ల అనుమతులు, జనన మరణాల నమోదు, పారిశుద్ధ్యం అన్నీ కార్యదర్శి పనులే. అన్నిటికంటే ముఖ్యమైనది మినిట్స్ పుస్తకం. సభలో తేలిందని అందులో ఏం రాస్తే అదే ఊరి మాట. నేను ప్రొబేషన్‌లో ఉన్నాను. ఆ పుస్తకం మీద ఒక్క ఫిర్యాదు వచ్చినా ఉద్యోగం దక్కదు.

ఊరిని పక్క మున్సిపాలిటీలో కలపడం మీద గ్రామసభ అభిప్రాయం పంపమని మండల కార్యాలయం నుంచి కాగితం వచ్చింది. ఊరు రెండుగా చీలింది. పడుచువాళ్లకు రోడ్లు, మోరీలు, వీధి దీపాలు కావాలి. పెద్దవాళ్లకు, ముఖ్యంగా కూలికి పోయే ఆడవాళ్లకు, ఉపాధి హామీ పని పోతుందని భయం. అది పంచాయతీల్లోనే ఉంటుంది. కొన్ని ఇళ్లల్లో తండ్రీకొడుకులు మాట్లాడుకోవడం మానేశారు.

అప్పట్లో నేను తరాల సిద్ధాంతం గురించి ఒక పుస్తకం చదువుతున్నాను. పెరిగిన కాలమే ఒక్కో తరాన్ని ఒక్కో అచ్చులో పోస్తుందని, దాదాపు ఒక నిండు జీవితకాలానికి ఒకసారి పెద్ద సంక్షోభం వస్తుందని, అప్పుడు వృద్ధులు దారి చూపితే యువకులు బరువు మోస్తారని దాని సారం. నలుగురిలో నోరు విప్పలేని నాకు, మనుషులను ఇలా వరుసల్లో పెట్టి చూడడం హాయిగా ఉండేది. ఊరి పెద్దలను డైరీలో తరాల వారీగా రాసుకున్నాను. కలపొద్దనే వర్గానికి పెద్ద, ఎనభై దాటిన మాజీ సర్పంచ్ యాదయ్య. ఆయన పేరు పక్కన "దారి చూపడు, అడ్డం పడతాడు" అని రాశాను.

సర్పంచ్ శ్రీకాంత్‌కు ముప్పై రెండేళ్లు, కలపాలనే వర్గం. సభకు ముందురోజు ఆఫీసుకు వచ్చి, తీర్మానం ఏకగ్రీవమని రాసి ఉంచమన్నాడు. ఆ ఊళ్లో జనం రాగానే హాజరు పేరుతో పుస్తకంలో సంతకాలు, వేలిముద్రలు తీసుకునేవారు. వాటి పైన వదిలిన ఖాళీలో తీర్మానం తర్వాత ఎక్కేది. ఈసారి ఆ రాత కూడా ముందే అయిపోవాలి. కాదనలేకపోయాను. రాశాను.

సభ పొద్దున పది గంటలకు, బడి ఆవరణలో. మొదటి సంతకానికి యాదయ్యే వచ్చాడు. అందరూ వేలితో చూపిన చోట సంతకం పెట్టి పోతారు. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని పై నుంచి చదవడం మొదలుపెట్టాడు. "ఏకగ్రీవంగా" దగ్గర ఆగి నా వైపు చూశాడు. ఆ పేజీ పైకెత్తి చూపిస్తే ఆయన వర్గం అక్కడే గెలిచేది, నా ఉద్యోగం పోయేది.

ఆయన పుస్తకం మూసి, భుజం మీది తువ్వాల దాని మీద పెట్టాడు.

"సంతకాలు ఆఖరికి పెడుదం. మొదలు మాట్లాడుదం."

"తాతా, గిట్ల మాట్లాడుకుంటనే మీ కాలం గడిచింది. మాకు పనులున్నయి," అన్నాడు శ్రీకాంత్.

కొందరు నవ్వారు. యాదయ్య కూడా నవ్వాడు.

"మా కాలంల ఏడ మాట్లాడనిచ్చినం రా? సంతకాలు ముందు పెట్టిచ్చుడు ఈ ఊరికి నేర్పిందే నేను."

పైన విమానం దాటేదాకా ఆగి, మిగతాది చెప్పాడు. ఆయన సర్పంచ్‌గా ఉన్నప్పుడు బడి ఏ వాడలో కట్టాలన్న తగాదా వచ్చిందట. సంతకాలు ముందు తీసుకుని, తీర్మానం తన వాడకు రాయించుకున్నాడు. మేము కూర్చున్నది ఆ బడిలోనే. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఒక వాడవాళ్లు రెండో వాడలో పెళ్లికి పోలేదు, చావుకు పోలేదు. ఆయన ఈడువాళ్లు తలలు వంచుకుని విన్నారు. కొందరు పడుచువాళ్లకు తమ మేనమామల ఇళ్లకు రాకపోకలు ఎందుకు లేవో ఆ రోజే తెలిసింది.

శ్రీకాంత్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మాట్లాడమన్నాడు.

మూడు గంటలు మాట్లాడారు. చేతులెత్తించి లెక్కపెట్టాను, కలపాలన్నవాళ్లే ఎక్కువ. యాదయ్య చెయ్యి ఎటూ లేవలేదు. అడిగితే, "నేనుండేది ఎన్నొద్దులు బిడ్డా? ఉండెటోళ్లను లెక్కపెట్టు," అన్నాడు. వద్దన్నవాళ్ల పేర్లూ కారణాలూ తీర్మానంలో రాశాను. కూలీలకు వేరే పని చూపాలన్న షరతు కూడా చేర్చాం. సంతకాలు ఆ తర్వాతే. మినిట్స్ పుస్తకంలో పేజీ చింపకూడదు కాబట్టి, ముందు రాసినదాన్ని అడ్డంగా కొట్టేసి, "రద్దు" అని రాసి నేనూ సర్పంచూ సంతకం చేశాం. తనిఖీకి వచ్చిన అధికారి అడిగితే పొరపాటున రాశానన్నాను.

తరాల గురించి ఆ పుస్తకం చెప్పింది చాలావరకు నిజమే కావచ్చు. దానికి నేను చేర్చుకున్నది ఒక్కటే. సంక్షోభంలో పెద్దవాళ్లు చేయగల పనికొచ్చే పని, తాము చేసిన తప్పు మళ్లీ జరగబోయే చోట దాన్ని అందరి ముందు చెప్పుకోవడం. వయసు వచ్చినంత మాత్రాన అది రాదు. ఆ తర్వాత ఏ సభలోనూ నేను ముందుగా సంతకాలు తీసుకోలేదు.

బదిలీ అయిన రోజు యాదయ్య ఇంటికి వెళ్లాను. కృతజ్ఞత చెప్పాలని దారంతా మాటలు కూడబలుక్కున్నాను. తీరా వాకిట్లో నిలబడి, పోయొస్త బాపూ అని మాత్రం అనగలిగాను. ఆయన తలూపి, నేను నాలుగడుగులు వేశాక వెనక్కి పిలిచాడు.

"నీ తర్వాత వచ్చెటోళ్లకు గీ సంతకాల సంగతి నువ్వే చెప్పు బిడ్డా. నేను చెప్తే ముసలోని ముచ్చట అంటరు."