రిజిస్టరులో లేని తెలుగు టీచర్

పదకొండేళ్లుగా సమ్రీన్‌ను ఆయా అని రాసిన చేయి నాదే. రేపు ఇంకెవరో ఆ మాట అనేకన్నా నేనే ముందు ఒప్పుకోవడం నయం.

నేను నర్మెట్ట దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో గుమాస్తాను. పేరు సమ్మయ్య. ఫీజు రసీదులు, టీసీలు, హాజరు పట్టీలు, బస్సు రాని రోజు తల్లిదండ్రుల తిట్లు, అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. సమ్రీన్ ఆ బడిలో ఆరు నుంచి పది దాకా తెలుగు చెబుతుంది. ఇంట్లో దక్కనీ మాట్లాడే మనిషి పద్యం ఏం చెబుతుందిలే అని మొదటి ఏడు నేనూ నవ్వాను. నా నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు.

ఛందస్సు అంటే పెద్దపెద్ద పంతుళ్లే పిల్లలను నిద్రపుచ్చుతారు. ఈమె బల్లల మీద దరువు వేయించింది. లఘువుకు వేలితో ఒక దెబ్బ, గురువుకు అరచేత్తో ఒక దెబ్బ. ముందు పిల్లల పేర్లతోనే మొదలుపెడుతుంది. జమున అంటే మూడు వేలి దెబ్బలు. శిరీష అంటే మధ్యలో ఒక్క అరచేయి. పక్క గదిలో లెక్కలు చెప్పే సారు గోల భరించలేక రెండుసార్లు ఫిర్యాదు చేశాడు. పదో తరగతి ఫలితాలు వచ్చాక మళ్లీ నోరెత్తలేదు. మా బడిలో తెలుగు తప్పిన పిల్ల ఈ పదకొండేళ్లలో ఒక్కతీ లేదు.

కానీ ఆ తరగతులకు చెప్పాలంటే బి.ఎడ్. ఉండాలి. సమ్రీన్‌కు డిగ్రీ మాత్రమే ఉంది. అందుకని రిజిస్టరులో తెలుగు టీచరు పేరు కళావతి. దంతాలపల్లి ఆవిడ. ఆమె సర్టిఫికెట్లు మా బీరువాలో ఉంటాయి, ఆమె ఉండదు. ఏడాదికోసారి ఆమెకు కొంత ముడుతుంది. జీతం పట్టీలో సమ్రీన్ పేరు కూడా ఎక్కడో ఒకచోట ఉండాలి కాబట్టి ఆయాల వరసలో ఉంటుంది. ఇట్లా నడిచే బడి మాదొక్కటే కాదని కరస్పాండెంట్ సారు అంటాడు. నాకు తెలిసింది మాత్రం మాదే.

తనిఖీ ఉందని తెలిసిన రోజు సమ్రీన్ పాఠం ఆపేసి నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్తుంది. అక్కడ ఆయా ఓదెమ్మ పక్కన కూర్చుని గ్లాసులు కడుగుతుంది. పిల్లలకు ముందే నేర్పి ఉంచుతాం: "కళావతి టీచర్ లీవుల ఉన్నది సార్." ఆ లీవు చీటీలు రాసేది నేనే. అలా రాసి రాసి కళావతి తమ్ముడికి మూడు పెళ్లిళ్లు చేశాను. ఆమెకు రెండుసార్లు టైఫాయిడ్ తెప్పించాను. అసలు ఆమెకు తమ్ముడున్నాడో లేడో నాకు తెలియదు.

ఈ ఏడు బడులు తెరిచిన వారానికి సమ్రీన్ ఒక ప్రకటన పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఒక విశ్వవిద్యాలయం దూరవిద్యలో బి.ఎడ్. ప్రవేశాలకు దరఖాస్తులు పిలిచింది. ఉద్యోగం మానకుండా చదవొచ్చు, సెలవుల్లో తరగతులు. ఒకటే షరతు. గుర్తింపు ఉన్న బడిలో కనీసం రెండేళ్లు పాఠం చెప్పినట్టు సర్వీసు సర్టిఫికెట్ తేవాలి, దాని మీద జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో సంతకం చేయించాలి.

"రెండేండ్లు అడిగిన్రు సార్," అని నవ్వింది. "నాకు పదకొండున్నయి. మిగిలినయి ఏం చెయ్యాలె?"

నేనూ నవ్వాను. నవ్వి, ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, మడిచి ఆమెకే ఇచ్చాను.

ఆమెకు ముప్పై ఏడేళ్లు. భర్త ఒవైస్ జనగామలో వెల్డింగ్ షాపులో పని చేస్తాడు. తల్లి జోహరాబీ ఊరూరా గాజులు అమ్మి ఈమెను డిగ్రీ దాకా చదివించింది. అయిదేళ్ల కింద ప్రవేశపరీక్ష రాస్తే మామూలు కాలేజీలో సీటు వచ్చింది గానీ, రెండేళ్లు జీతం లేకుండా గడవదని వదిలేసింది. ఇప్పుడు ఈ దారి ఒక్కటే మిగిలింది. బి.ఎడ్. ఉంటే సర్కారు పరీక్షలకు కూర్చోవచ్చు. అది రాకపోయినా పర్వాలేదట. తనిఖీ రోజు తన తరగతిలో తను నిలబడితే చాలునట. ఆ మాట ఆమె చాలా మామూలుగా అంది.

కరస్పాండెంట్ సారు కాదనలేదు. కాదనే మనిషి అయితే ఒక్కరోజులో తేలిపోయేది. "చూద్దాం మేడమ్, పుస్తకాలు రానియ్యి," అన్నాడు. పుస్తకాలు వచ్చాక యూనిట్ టెస్టు అయిపోనియ్యమన్నాడు. అది అయిపోయాక బోనాలు పోనియ్యమన్నాడు. సమ్రీన్ ప్రతిసారీ "సరే సార్" అని తరగతికి వెళ్లింది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు సగం నింపి పెట్టుకుంది, సర్టిఫికెట్ పెట్టాల్సిన చోట ఖాళీ. గడువు పది రోజులకు వచ్చింది.

అప్పుడు నేనే అన్నాను, జనగామ పోయి ఆఫీసులో అడిగి చూద్దామని. ఎందుకన్నానో నాకే తెలియదు, జవాబు ఏమొస్తుందో తెలిసి కూడా. ఇద్దరం మధ్యాహ్నం బస్సుకు పోయాం. అక్కడి ఉద్యోగి మంచివాడే. ఫైలు తీసి మా బడి జాబితా మీద వేలు పెట్టి చూశాడు.

"మేడమ్, మీ పేరు ఆయాల కాడ ఉన్నది. తెలుగుకు వేరే ఆమె ఉన్నది. బడోళ్లు రాసిచ్చిందే మా దగ్గర ఉంటది. గిది రాసినోళ్లనే అడుగుండ్రి, మార్చి తెస్తే మేం సంతకం పెడ్తం."

రాసినవాణ్ణి ఆమె పక్కనే ఉన్నాను. ఆ జాబితాలో అక్షరాలు నావి. 'ఆయా' అనే చోట దీర్ఘం కాస్త పొడుగ్గా లాగడం నా అలవాటు. సమ్రీన్ ఆ కాగితాన్ని చూసింది, నావైపు చూడలేదు. బయటికి వచ్చాక, "చాయ్ తాగుదమా సార్?" అంది. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ చాయ్ డబ్బులు కూడా ఆమే ఇచ్చింది.

మర్నాడు ఆమె నేరుగా కరస్పాండెంట్ సారు గదిలోకి పోయింది. నేను రసీదు బుక్కు నెపంతో గుమ్మంలో నిలబడ్డాను.

"రిజిస్టర్ల నా పేరు ఎక్కియ్యుండ్రి సార్. ఈ రెండేండ్లకన్న."

"బి.ఎడ్. లేకుంట ఎట్ల ఎక్కియ్యాలె మేడమ్? బడి గుర్తింపు పోతది. మీరు బి.ఎడ్. చేసుకొని రాండ్రి, తెల్లారే ఎక్కిస్త."

"రిజిస్టర్ల లేకుంటె బి.ఎడ్. ల ఎట్ల తీసుకుంటరు సార్?"

"గది గూడ నిజమే," అన్నాడు. తర్వాత ఎవరికో ఫోను కలిపి వేరే మాటల్లో పడ్డాడు.

గడువుకు మూడు రోజులు ఉందనగా కళావతి వచ్చింది. మా బడి తెలుగు టీచరు పదకొండేళ్లలో మొదటిసారి మా బడికి రావడం అది. ఆఫీసు గది ఎటో ఓదెమ్మను అడిగి తెలుసుకుంది. నలభై దాటిన మనిషి, బక్కగా ఉంది. చేతిలో ప్లాస్టిక్ సంచి, వేళ్లకు సూది గుచ్చుకున్న మచ్చలు. జాకెట్లు కుడుతుందట. బి.ఎడ్. అయ్యాక ఉద్యోగం దొరక్క ఇన్నేళ్లూ అదే పని. ఆమె మీద కోపం పెట్టుకుందామని చూశాను, కుదరలేదు.

భూపాలపల్లి జిల్లా ఘనపూర్ దిక్కు ఒక రెసిడెన్షియల్ బడిలో కాంట్రాక్టు పోస్టు పడిందట. అనుభవం సర్టిఫికెట్ కావాలంది. ఇవ్వకపోతే తన సర్టిఫికెట్లన్నీ తనకు ఇచ్చేయమంది. మా సారు ఈసారి పుస్తకాలూ బోనాలూ ఏమీ అడ్డం చెప్పలేదు. "సమ్మయ్యా, పది నిమిషాల్ల టైపు చెయ్యి," అన్నాడు.

ఒక పోస్టు, అవే ఏళ్లు, ఇద్దరికి రాయడం కుదరదు. ఈ కాగితం బయటికి పోతే సమ్రీన్ దారి మూసుకుపోతుందని నాకు తెలుసు. తెలిసే టైపు చేశాను. ఆరు నుంచి పది వరకు తెలుగు, పదకొండు సంవత్సరాలు, పదో తరగతిలో ప్రతి ఏడూ నూటికి నూరు ఉత్తీర్ణత, క్రమశిక్షణ గల ఉపాధ్యాయిని. నాకు ఇంకో మూడేళ్ల నౌకరీ మిగిలి ఉంది. నా పిరికితనానికి ఇంతకన్నా పెద్ద కారణం వెతికినా దొరకలేదు. మర్నాడు జనగామలో ఆ కాగితం మీద ఒక్క పూటలో సంతకం అయింది. జాబితాలో పేరు సరిగ్గానే ఉంది మరి.

మర్నాడు కళావతి ఆఫీసు కాపీ ఇవ్వడానికి వచ్చి, స్టాఫ్ రూము ముందు నిలబడి నసిగింది. సమ్రీన్ ఎవరో ఆమెకు అప్పటికే అర్థమైంది.

"అక్కా, నన్ను డెమో క్లాసు చెప్పుమన్నరు. చాక్‌పీసు పట్టి పదిహేనేండ్లయితున్నది. జర చూపిస్తవా?"

సమ్రీన్ కిటికీలోంచి మైదానం చూస్తూ నిలబడింది. కోపం ఉందా అంటే ఉంది, ముక్కు పుటాలు అదురుతూనే ఉన్నాయి. కానీ పొద్దటి నుంచి అయిదు పీరియడ్లు చెప్పిన మనిషి. పోట్లాడడానికి కూడా ఒంట్లో కొంత సత్తువ మిగలాలి.

"నా తొమ్మిదో తరగతి ఉన్నది ఇప్పుడు. రా అక్కా," అంది.

నేను వరండాలో నిలబడి చూశాను. సమ్రీన్ పోయి ఆఖరి బల్ల మీద కూర్చుంది. కళావతి బోర్డు దగ్గర చాక్‌పీసును అటూ ఇటూ తిప్పుతోంది. "నీ పేరుతోనే మొదలువెట్టు," అని సమ్రీన్ వెనక నుంచి అందించింది. కళావతి తన పేరు రాసింది. తరగతి ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ పేరు పిల్లలందరికీ కంఠతా వచ్చు, మేమే నేర్పాం. ముందు బల్లలోంచి జమున లేచి నిలబడింది, పాపం, నిజంగానే అడిగింది.

"టీచర్, మీకు జరం తక్కువైందా?"

ఎవరూ నవ్వలేదు. కళావతి ముఖం కందిపోయింది. సమ్రీన్ వెనక బల్ల మీద అరచేత్తో ఒకసారి, వేలితో ఒకసారి కొట్టి, "తక్కువైంది గని, ఆ పేరుకు దరువు ఎట్లనో చెప్పుండ్రి," అంది. వేలు, అరచేయి, వేలు, వేలు. గది అంతా మోగింది. కళావతికి నెమ్మదిగా గొంతు వచ్చింది. పీరియడు అయ్యేసరికి చెప్పగలనని ధైర్యం వచ్చింది. సమ్రీన్ చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకుని దంతాలపల్లి బస్సుకు పోయింది.

సాయంత్రం బడి ఖాళీ అయ్యాక సమ్రీన్ నా బల్ల దగ్గరికి వచ్చింది. దరఖాస్తుకు మర్నాడే ఆఖరు. ఆ సగం నింపిన దరఖాస్తు సంగతి ఇద్దరమూ ఎత్తలేదు. కళావతి సర్టిఫికెట్ ఆఫీసు కాపీ ఒకసారి చూపించమంది. నిలబడే చదివింది, ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ.

"మంచిగ రాసినవు సార్," అంది. "ఒక జిరాక్స్ తీసియ్యవా?"

"అదెందుకు బిడ్డా, నీకు పనికిరాదు గదా?"

"అమ్మీ రోజు అడుగుతున్నది, కాగజ్ వచ్చిందా అని. ఆమెకు చదువు రాదు, సీలు చూస్తె నమ్ముతది. నేనే చదివి వినిపిస్త." కాగితం నా ముందు పెట్టి కొంగుతో ముఖం తుడుచుకుంది. "పేరు కాడ నా పేరు చదువుత సార్. మిగిలినదంత నిజమే గదా."