అరవై వాట్ల పెట్ట

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడెంచేసరికే అలిసిపోతాను, మేలెంచడానికి ఓపిక మిగలదు. పిల్లలతో సబ్బు నురగ చేయిస్తే కళ్లలో పడుతుందేమోనని, భూతద్దంతో కాగితం కాల్పిస్తే పక్కనున్న గడ్డివాము అంటుకుంటుందేమోనని ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని నిలబడతాను. అలాంటిదాన్ని సైన్సు టీచర్ని చేసి, చీపురుపల్లికి బాగా లోపలగా ఉన్న ఓ చిన్న బడికి పంపారు. అక్కడ పిల్లలు ముప్పై మంది, పెద్దవాళ్లం ముగ్గురం: పెద్ద మాస్టారు, నేను, మధ్యాహ్న భోజనం వండే ఆవిడ. పాఠం చదివించి ఊరుకుంటే నా ఆరోగ్యానికి మంచిదే. కానీ చేసి చూపిస్తే తప్ప పిల్లలకి ఎక్కదని నా నమ్మకం. ఆ నమ్మకమూ, ఈ భయమూ ఒకే మనిషిలో ఉండటం ఎంత అవస్థో మా ఇంట్లోవాళ్లని అడగాలి.

కోడిపెట్ట లేకుండానే గుడ్లు పొదిగించవచ్చని ఒకరోజు ఏడో తరగతిలో గొప్పలు పోయాను. ఒక ధర్మాకోల్ పెట్టె, గిన్నెలో నీళ్లు, థర్మామీటరు, బల్బు ఉంటే చాలన్నాను. బల్బు దగ్గరే బండి ఆగిపోయింది. ఇప్పుడు దొరికేవన్నీ వెలుగిచ్చి వేడి ఇవ్వనివి. చీపురుపల్లిలో నాలుగు దుకాణాలు తిరిగితే, ఐదో ఆయన అటకెక్కి పాతకాలపు అరవై వాట్ల బల్బులు రెండు దుమ్ము దులిపి ఇచ్చాడు. పిల్లలు తక్కువగా వచ్చిన రోజు ఉడకబెట్టకుండా మిగిలిన భోజనం గుడ్లు ఆరు తీసి పెట్టెలో సర్దాను. పది రోజులకి కంపు తప్ప ఏమీ బయటికి రాలేదు. వంటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "ఫారం గుడ్డుకి పిల్లేటి వస్తాది టీచరమ్మా? ఆ పెట్ట జన్మలో పుంజు మొకం సూసిందేటి?" అంది.

నేను బీఎస్సీ, బీఈడీ. ఆ సంగతి నాకు తెలియక కాదు, ఆ సమయానికి తట్టలేదు. తట్టకపోవడానికీ తెలియకపోవడానికీ ఊళ్లో ఎవరూ తేడా చూడలేదు. చేలకి వెళ్లే ఆడవాళ్లు వారం పాటు నన్ను చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. ఇక కోళ్ల జోలికి పోకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఒట్టు నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఒక పొద్దున్న బడి గంట కొట్టకముందే ఏడో తరగతి పిల్ల ఒకతె వగర్చుకుంటూ వచ్చింది. చేతుల్లో వెదురుబుట్ట, బుట్టలో గడ్డి, గడ్డిలో పదకొండు గుడ్లు. ఆ పిల్ల అమ్మానాన్నలు విశాఖపట్నంలో తాపీ పని చేస్తారు. ఊరి చివర ఇంట్లో తనూ మామ్మా ఉంటారు, వాళ్లతో పాటు ఈ పిల్ల వెనకే తిరిగే ఎర్రపెట్ట ఒకటి ఉండేది. పొదుగుతున్న పెట్ట ఆ పూట మేత కోసం దిగింది. కుక్కలు పట్టుకుపోయాయి. పిల్ల ఏడవలేదు, బుట్ట నా ముందుకి చాపింది.

"బల్బు పెడితే పిల్లలొస్తాయని మీరే సెప్పినారు కదా టీచర్," అంది. "ఇవి ఫారం గుడ్లు కావు. పొదిగేసి ఏడు రోజులైనాది. ఇంకా ఎచ్చగానే ఉన్నాయి, సూడండి."

కాదని చెప్పాలనే అనిపించింది. చెప్పలేకపోయాను. ఆ పెట్ట పోయింది, దాని పిల్లలైనా బతకాలని వచ్చింది ఆ పిల్ల. అవి బతకకపోతే ఆ పెట్ట రెండోసారి, ఈసారి నా చేతుల మీదుగా, చచ్చిపోయినట్టు ఉంటుంది. ఇంత ఆలోచించాక కూడా బుట్ట అందుకున్నాను.

అప్పటినుంచి నాకు నిద్ర లేదు. వేడి ముప్పై ఏడున్నరకీ ముప్పై ఎనిమిదికీ మధ్య ఉండాలి. గుడ్లని రోజుకి మూడుసార్లు తిప్పాలి, గిన్నెలో నీళ్లు ఇంకిపోకూడదు. బడి తాళంచెవి ఒకటి ఆ పిల్లకిచ్చాం. పొద్దున్నా సాయంత్రమూ వచ్చి చూసుకుని, వేడి ఎంతుందో నోటుబుక్కులో రాసేది. కరెంటు కాసేపు పోతే వంటావిడ సీసాల్లో వేణ్ణీళ్లు పోసి ఇచ్చేది, అవి పెట్టెలో పెట్టేవాళ్లం. నేను చీపురుపల్లిలో అద్దెగదిలో ఫ్యాను ఆగిందంటే చాలు, ఊళ్లో కూడా పోయిందేమోనని లేచి కూర్చునేదాన్ని.

పిల్ల మామ్మ ఒకసారి చూడటానికి వచ్చింది. బడిలో కాలు పెట్టడం అదే మొదలట. చెప్పులు ఎక్కడ విడవాలో తెలియక వాకిట్లో తటపటాయించింది. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని బొగ్గుముక్కా ఇనపమేకూ తెచ్చి పెట్టెలో పెట్టబోతే, అలాంటివి ఇక్కడ వద్దని ఆపాను. కాస్త కటువుగానే చెప్పాను. "నీ ఇష్టం టీచరమ్మా," అని కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.

పొదగడం మొదలైన పధ్నాలుగో రోజున గది కిటికీలు మూసి, సెల్‌ఫోన్ లైటు మీద ఒక్కో గుడ్డూ పెట్టి చూశాం. మూడింట్లో ఏమీ లేదు, తీసేశాం. మిగిలిన ఎనిమిదింట్లో ఎర్రటి నరాలు, వాటి మధ్య నల్లటి నీడ. ఒకదానిలో ఆ నీడ కదిలింది. పిల్లలంతా ఒక్కసారిగా నా మీద పడ్డారు. నాకు సంతోషం వేసిన మాట నిజమే, కానీ అది అర నిమిషం. బతికున్నాయని తెలిశాక భయం రెండింతలైంది.

సరిగ్గా పంతొమ్మిదో రోజున రామతీర్థం ప్రయాణం పడింది. వానలకి రెండుసార్లు వాయిదా పడ్డ విహారయాత్ర అది. వ్యాను మాట్లాడేశారు, పిల్లలు ఉతికిన బట్టలు మడతపెట్టి ఉంచుకున్నారు. ఇరవయ్యొకటో రోజుకి గుడ్లు పగలాలి, ఇంకో మూడు రోజులు ఆపుదామని పెద్ద మాస్టారిని అడిగితే, ఎనిమిది గుడ్ల కోసం ముప్పై మంది పిల్లల్ని ఏడిపిస్తామా అన్నారు. ఆ పిల్ల తను రానంది. రైలు పట్టాలు దాటి అవతలి లోకం చూడని పిల్ల. చివరికి మామ్మే తాను కూర్చుంటానని కబురు పెట్టింది.

బయల్దేరే ముందు ఆవిడకి పది జాగ్రత్తలు చెప్పాను. అంకెలు చదవడం రాదు కాబట్టి థర్మామీటరు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో గీతలు గీశాను. మూత ఊరికే తియ్యొద్దన్నాను. ఒక్క నిమిషం కూడా కదలొద్దన్నాను. అన్నీ విని, "కరెంటు పోతేనో?" అని అడిగింది. వంటావిడ మాతోనే వస్తోంది, వంటగదికి తాళం వేసేశారు. వేణ్ణీళ్లు ఇచ్చే దిక్కు లేదు. "పోదులే అమ్మా," అని చిరాకుగా వ్యాను ఎక్కేశాను.

దారంతా పిల్లలు పాటలు పాడారు. నేను తలలు లెక్కపెట్టాను. కొండ ఎక్కుతుంటే కోతులు, అరిగిన మెట్లు, అంచులు. ఒకడు రాయి మీద ఒంటికాలి మీద నిలబడి నా గుండె ఆపినంత పని చేశాడు. పైన బౌద్ధుల కాలంనాటి ఇటుక గోడల దగ్గర నిలబడి, అప్పట్లో ఇక్కడ భిక్షువులు ఎలా ఉండేవారో చెబుతున్నాను గానీ, నా నోరు ఒకటి చెబుతోంది, మనసు పెట్టె దగ్గరుంది. వంటావిడ తెల్లవారుజామున కట్టిన పులిహోర పొట్లాలు పంచింది. పిల్లలు రెండు ముద్దల్లో ముగించారు. ఆ పిల్ల మాత్రం పొట్లం ఒళ్లో పెట్టుకుని మబ్బు వైపు చూస్తోంది.

ఉత్తరం వైపు ఆకాశం నల్లబడింది. గాలి లేచింది. దూరంగా ఉరిమింది.

"ఆ మబ్బు మనూరి మీదే కదా టీచర్?" అంది.

కాదన్నాను. అవునో కాదో నాకేం తెలుసు? పొట్లం తినమని గదిమాను. ఊళ్లో ఇద్దరు ముగ్గురికి ఫోన్లు చేస్తే ఒక్కరూ ఎత్తలేదు. ఒక గీత సిగ్నలు వచ్చేది, పోయేది. దిగుదాం దిగుదామని నేను తొందరపెడుతుంటే, నా కంగారు పట్టని పెద్ద మాస్టారు కోనేరు కూడా చూపిద్దామన్నారు. ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

తిరుగు దారిలో రోడ్డు మీద విరిగిన కొమ్మలు. టీ కోసం ఆగినచోట, లారీ గుద్ది స్తంభం పడిపోయి పొద్దుట పది గంటల నుంచీ ఈ చుట్టుపక్కల ఎక్కడా కరెంటు లేదని చెప్పారు. పది గంటలంటే మేము ఇంకా రామతీర్థం చేరనైనా లేదు. అప్పటికి నాలుగున్నర. ఆరున్నర గంటలు. లెక్క నాకొక్కదానికే కాదు, పక్కన కూర్చున్న ఆ పిల్లకీ తెలిసింది. పన్నెండు రోజులుగా నోటుబుక్కులో రాసింది తనే కదా. నా వైపు చూడకుండా కిటికీ చువ్వ పట్టుకుని కూర్చుంది.

వ్యాను ఆగీ ఆగకముందే దిగి పరిగెత్తాను. గదిలో చీకటి. పెట్టె మూత తీసి ఉంది, లోపల ఒక్క గుడ్డూ లేదు.

"ఇక్కడున్నాను టీచరమ్మా," అంది మామ్మ.

గోడకి చేరగిలబడి, కాళ్లు బారజాపి నేల మీద కూర్చుని ఉంది. కడుపు మీద చీర మడతల్లో ఎనిమిది గుడ్లు, వాటి మీద రెండు చేతులూ కప్పి ఉన్నాయి. పైన దుప్పటిలా కొంగు. కరెంటు పోగానే పెట్టెలో నుంచి తీసి ఒళ్లో పెట్టుకుందట. అప్పటినుంచి అలాగే ఉందట.

"గుడ్లు ఎలా ఉన్నాయమ్మా?" అన్నాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట అదే.

"ఎచ్చగానే ఉన్నాయి. ఒకటి లోపల్నించి పొడుస్తన్నాది, నా పొట్టకి తెలుస్తన్నాది."

నేను మోకాళ్ల మీద కూర్చుని ఒక గుడ్డు తీసి చెవికి ఆనించుకున్నాను. టిక్కు టిక్కుమని గోటితో గీకినట్టు చప్పుడు. ఆ తర్వాత రెండు రోజుల్లో ఆరు పిల్లలయ్యాయి, రెండు కాలేదు. ఈ కథ ఎవరికి చెప్పినా ఆ ఆరింటి గురించే అడుగుతారు.

నాకు గుర్తున్నది వేరు. నేను గుడ్డు చెవికి పెట్టుకుని నవ్వుతున్నాను. నా వెనకే వచ్చిన పిల్ల గుడ్ల వైపు చూడనైనా లేదు. మామ్మ మొహం మీదికి వంగింది.

"మామ్మా, ఏటైనా తిన్నావా?"

"ఎలాగ లేస్తానే? కదలొద్దని మీ టీచరమ్మ సెప్పింది కదా. ముందు గుక్కెడు నీళ్లియ్యి."

పిల్ల గ్లాసు తెచ్చి నోటికి అందించింది. చేతులు గుడ్ల మీద నుంచి తియ్యకుండానే ఆవిడ గటగటా తాగింది. ఇంకో గ్లాసు అడిగింది. లేపబోతే కాళ్లు నిలవలేదు, పెద్ద మాస్టారూ నేనూ చెరో వైపు పట్టుకున్నాం.

ఆ రోజు నేను భయపడని సంగతి లేదనుకున్నాను. కోతులకి, మెట్లకి, మబ్బుకి, బల్బుకి, కనబడని ఎనిమిది ప్రాణాలకి భయపడ్డాను. పొద్దున్న పులిహోర పొట్లాలు వ్యానులోకి ఎక్కించేటప్పుడు, ఒక్కటి తగ్గితే ఏ పిల్ల ఏడుస్తుందోనని రెండుసార్లు లెక్కపెట్టింది నేనే. మామ్మకి ఒకటి తీసి పెట్టాలని రెండుసార్లలో ఒక్కసారీ తట్టలేదు.